సిఫ్నోస్‌కి వెళ్లండి టీచర్ గారూ, ఆగస్టులో మాత్రం వద్దు

హనుమకొండ నుంచి ఒక పాఠకురాలు రాశారు. ప్రభుత్వ పాఠశాలలో స్కూల్ అసిస్టెంట్. ఆమె ఉత్తరం సారాంశం ఇది:

"మా వారిది ప్రైవేటు ఉద్యోగం. ఇద్దరి జీతాలూ కలిపి చేతికి 1.40 లక్షలు వస్తాయి. ఇంటి లోన్ ఈఎంఐ 34,000, పాప చదువు కోసం మ్యూచువల్ ఫండ్ సిప్ 10,000, కాలనీలో తెలిసినావిడ నడిపే 5 లక్షల చీటీకి 20,000 దాకా పోతాయి. చీటీ ఇంకా తొమ్మిది నెలలుంది. ఇంటి ఖర్చులు, ఫీజులు పోగా నెలకి 18,000 మిగులుతాయి. సేవింగ్స్‌లో 3.20 లక్షలున్నాయి. వచ్చే ఆగస్టుకి మా పెళ్లయి పదిహేనేళ్లు. పిల్లలిద్దరితో (13, 8 ఏళ్లు) గ్రీస్‌లో జనం తాకిడి లేని చిన్న దీవిలో ఓ వారం ఉండి రావాలని కోరిక. ఏజెంటు 9 లక్షలవుతుందన్నాడు. పర్సనల్ లోన్ తీసుకోవాలా, చీటీ పాడి ఎత్తేయాలా, సిప్ ఆపాలా? మా అత్తగారు తన గాజులు తాకట్టు పెట్టుకోమంటున్నారు. నేను శాకాహారిని, అక్కడ తిండి దొరుకుతుందో లేదో కూడా చెప్పండి."

టీచర్ గారూ, మీరు అడిగినవన్నీ డబ్బు ఎక్కడి నుంచి తేవాలన్న ప్రశ్నలే. నాకైతే చిక్కు మీరు పెట్టుకున్న తేదీలో కనిపిస్తోంది.

ఆగస్టు అంటే గ్రీకుల పెద్ద సెలవులు. 15వ తేదీ మేరీమాత పండగ. ఆ ముందూ వెనకా ఏథెన్స్ సగం ఖాళీ అయి దీవుల మీద పడుతుంది. మనకి సంక్రాంతికి హైదరాబాద్ ఖాళీ అయినట్టే అనుకోండి. ఇటలీ, ఫ్రాన్స్ వాళ్లూ అప్పుడే వస్తారు. మేలో 90 యూరోలకి దొరికే గది ఆ రెండు వారాల్లో దానికి రెట్టింపు చెప్పినా ఆశ్చర్యపోకండి. రెట్టింపు డబ్బిచ్చి జనంలో ఉండి రావడానికి అంత దూరం ఎందుకు? పైగా మీరు టీచర్. ఆగస్టులో బడి నడుస్తుంటుంది. సెలవు పెట్టాలి, పిల్లల చేత మాన్పించాలి. మీ వేసవి సెలవులేమో ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం దాకా. మన ఎండాకాలం అక్కడ సీజన్ మొదలయ్యే కాలం. యూరప్ బడులకి ఇంకా సెలవులివ్వరు, దీవుల్లో హోటళ్లు అప్పటికే తెరిచి ఉంటాయి. మన తెలుగు రాష్ట్రాల టీచర్లకి ఇంతకంటే కలిసొచ్చే సంగతి లేదు.

కాబట్టి నా లెక్క 2027 మే చివరి రెండు వారాలకి. ఆ ఏడాది గ్రీకు ఈస్టర్ మే 2న, ఆ వారం మాత్రం పనికిరాదు. పెళ్లిరోజు ఎలాగూ ఈ ఆగస్టులోనే వస్తుంది, ఇంట్లో పాయసం చేసుకుని ఆ రోజే పిల్లలకి ట్రిప్పు సంగతి చెప్పండి. ఒక్క లోటు మాత్రం ముందే చెప్పాలి: మే నెలాఖరుకి అక్కడి సముద్రం ఇంకా చల్లగానే ఉంటుంది. పిల్లలు దిగుతారు, మీరు మోకాళ్ల దాకా దిగి ఆగిపోవచ్చు.

దీవి విషయానికొస్తే, ఏజెంటు మీకు చెప్పింది బహుశా జనంతో కిటకిటలాడే సాంటొరినియే అయ్యుంటుంది. మీరడిగింది నిశ్శబ్దం కాబట్టి నేను సిఫ్నోస్ అంటాను. సైక్లడీస్ దీవుల్లో పడమటి వైపుది. 74 చదరపు కిలోమీటర్లు, మూడు వేల లోపు జనాభా. అక్కడ విమానాశ్రయం లేదు, పడవలోనే వెళ్లాలి. దాని నిశ్శబ్దానికి అదే కారణం. ఏథెన్స్ పక్కనున్న పిరేయస్ రేవు నుంచి వేగంగా వెళ్లే పడవలో మూడు గంటల లోపే, పెద్ద పడవలో దాదాపు ఐదు గంటలు. కమారెస్ రేవులో దిగగానే ఎదురుగా బస్సుంటుంది. అపొలోనియా, కాస్ట్రో, ప్లాటిస్ గియాలోస్, వాథి అన్నిటికీ బస్సులున్నాయి. అందుకే కారు అద్దె నేను లెక్కలో వేయలేదు. వేసుకుంటామంటే మీ వారు ఇక్కడే రవాణా శాఖ ఆఫీసులో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోవాలి.

మీ తిండి సంగతి. సిఫ్నోస్ పేరు చెబితే గ్రీకులకి గుర్తొచ్చేది శనగల కూర. రెవిథాడ అంటారు. నానబెట్టిన కాబూలీ శనగలు, ఉల్లిపాయ, ఆలివ్ నూనె మట్టికుండలో వేసి మూత పెట్టి శనివారం రాత్రి కట్టెల పొయ్యిలోకి తోస్తారు. రాత్రంతా ఉడికి ఆదివారం మధ్యాహ్నానికి సిద్ధమవుతుంది. పైన నిమ్మకాయ పిండుకుని రొట్టెతో తింటారు. తాలింపు లేదని మీకు అనిపిస్తుంది, కానీ ఆ కుండ వాసనకి అలవాటుపడతారు. అన్నం కూరిన టమాటాలు, ఫావా అనే ముద్దపప్పు లాంటిది కూడా దొరుకుతాయి. 'నిస్తీసిమో' అంటే వాళ్ల ఉపవాసం తిండి, మాంసం, పాలు, గుడ్లు ఉండవు. అయితే ఆక్టోపస్, రొయ్యలు వాళ్ల ఉపవాసానికి అడ్డు కాదు! అందుకని 'హోరిస్ క్రేయాస్, హోరిస్ ప్సారి' అనండి. మాంసం వద్దు, చేప వద్దు అని. రొయ్యల మాట విడిగా అడిగి తెలుసుకోండి.

ఇక లెక్క. రేటు పెరగొచ్చని యూరోకి 110 రూపాయలు వేసుకున్నాను. 2022లో యూరో 80 రూపాయల దగ్గర కూడా ఉండేది, 2025లో వంద దాటింది. పద్నాలుగు నెలల తర్వాతి ఖర్చుని ఇవాళ్టి ధరతో లెక్కేస్తే మనల్ని మనమే మోసం చేసుకున్నట్టు.

గల్ఫ్‌లో ఎక్కడో ఒకచోట విమానం మారి వెళ్లడానికి నలుగురికి రానూపోనూ 2.48 లక్షలు పెట్టాను, అంటే మనిషికి 62,000. షెంగెన్ వీసా (గ్రీస్‌తో సహా చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చే వీసా) ఫీజు పెద్దవాళ్లకి 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండు లోపు పిల్లలకి 45. మీ పెద్దమ్మాయికి అప్పటికి 14 నిండుతాయి కాబట్టి పెద్దవాళ్ల ఫీజే. ముగ్గురికి 270, చిన్నవాడికి 45, మొత్తం 315 యూరోలు, అంటే 34,650 రూపాయలు. వీసా కేంద్రం సర్వీసు చార్జీ, 30,000 యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్సు (అది లేకపోతే వీసా ఇవ్వరు) ఈ ఫీజుతో కలిపి మొత్తం 50,000 అనుకోండి. పడవ టికెట్లు రానూపోనూ 46,000. సిఫ్నోస్‌లో ఏడు రాత్రులు, ఏథెన్స్‌లో మూడు రాత్రులు బసకి 1.06 లక్షలు.

బస దగ్గర చాలామంది మర్చిపోయే ఖర్చొకటుంది. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా గ్రీస్ ప్రభుత్వం గదికి, రాత్రికి ఇంత అని రుసుము వసూలు చేస్తుంది. 2025 నుంచి రెండు నక్షత్రాల హోటల్‌కి 2 యూరోలు, మూడు నక్షత్రాలకి 5, నాలుగింటికి 10, ఐదింటికి 15. ఆన్‌లైన్‌లో అద్దెకిచ్చే ఫ్లాట్లకి 8. మీరు ముందే కట్టిన అద్దెలో ఇది ఉండదు, అక్కడ కౌంటర్ దగ్గర అడుగుతారు. పది రాత్రులకి ఎనిమిదేసి చొప్పున 80 యూరోలు, 8,800 రూపాయలు. పక్కన పెట్టుకుంటే చివరి రోజు మొహం మాడ్చుకోనక్కర్లేదు.

తిండికి రోజుకి 90 యూరోలు వేశాను, పది రోజులకి 99,000. వంటగది ఉన్న గది తీసుకుంటే ఇందులో మూడో వంతు మిగులుతుంది. కందిపొడి, ఆవకాయ తీసుకెళ్లండి. నెయ్యి, పాలకోవా మాత్రం సూట్‌కేసులో పెట్టకండి. యూరోపియన్ యూనియన్‌లోకి బయటి నుంచి పాల పదార్థాలు, మాంసం తేనివ్వరు. బస్సులు, మెట్రో, చిల్లర ఖర్చులకి 27,500. ఏథెన్స్ విమానాశ్రయం నుంచి మెట్రో నేరుగా పిరేయస్ రేవు దాకా వెళ్తుంది. టికెట్ మనిషికి 9 యూరోలు, టాక్సీ అక్కర్లేదు. ఏథెన్స్‌లో కొండమీది పురాతన ఆలయాలుండే అక్రోపోలిస్ చూడాలంటే పెద్దవాళ్లకి 30 యూరోలు, మిగతా టికెట్లు కలిపి 11,000.

అన్నీ కూడితే ఆరు లక్షలకి కాస్త అటూ ఇటూ. అనుకోని ఖర్చులకి యాభై వేలు కలిపి ఆరున్నర లక్షలు మీ లక్ష్యం. ఏజెంటు చెప్పిన తొమ్మిది కాదు.

ఇప్పుడు మీ నాలుగు దారులు. మొదటిది పర్సనల్ లోన్. తొమ్మిది లక్షల్లో మీ మూడు పోగా ఆరు లక్షలు తీసుకున్నారే అనుకుందాం. 13 శాతం వడ్డీ, మూడేళ్లు అయితే నెలకి దాదాపు 20,200 ఈఎంఐ. మీకు మిగిలేది 18,000. అక్కడే సరి, ఇక మాట్లాడక్కర్లేదు. వడ్డీయే 1.28 లక్షలవుతుంది, అంటే సిఫ్నోస్‌లో దాదాపు ఇంకో వారం బస, తిండి. సిప్ ఆపడం వద్దు, అది పాప డబ్బు. అత్తగారి గాజులు అత్తగారి చేతికే బాగుంటాయి. ఆవిడకి అక్కణ్ణుంచి ఓ మట్టి కూజా తెచ్చిపెట్టండి, సిఫ్నోస్ కుండలకి కూడా పేరే.

చీటీ దగ్గర మాత్రం నేను కాస్త ఆగాను. ఇప్పుడు పాడితే డిస్కౌంటు పోతుంది. చివరి దాకా ఆగితే నిర్వాహకురాలి కమీషన్ పోను, అది ఐదు శాతం అయితే, 4.75 లక్షలు చేతికొస్తాయి. తొమ్మిది నెలల్లో అయిపోతుంది కాబట్టి టికెట్లు కొనే సమయానికి సరిగ్గా సరిపోతుంది. కాగితం మీద ఇంత చక్కగా అమరిన చీటీ నేనీమధ్య చూడలేదు. కానీ మీరు రాసిన 'తెలిసినావిడ' అనే మాట నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా వీధిలో ఇలాగే ఒక చీటీ వేశాను. ఇరవై రెండో నెలలో వాళ్లింటికి వెళ్తే తాళం ఉంది. పక్కింటాయన "ఖాళీ చేసి నాలుగు రోజులైంది కదండీ" అన్నాడు, నాకు తెలియదా అన్నట్టు. ఆ చీటీకి రిజిస్ట్రేషన్ లేదు, ఏ ఆఫీసుకి వెళ్లినా చూపించడానికి నా దగ్గర ఒక నోట్‌బుక్ పేజీ తప్ప ఏమీ లేదు. మీ చీటీ రిజిస్టరైందో లేదో ఈ వారమే కనుక్కోండి. అయినా కాకపోయినా ఒక నియమం: చీటీ డబ్బు మీ ఖాతాలో పడ్డాకే టికెట్లు. ఆవిడ మీద నమ్మకంతో ముందే క్రెడిట్ కార్డు మీద కొనేయొద్దు.

మిగతా 1.75 లక్షలకి నెలకి 12,500 చొప్పున పద్నాలుగు నెలల రికరింగ్ డిపాజిట్. ఇంకో 5,500 మిగులుతుంది. అది అలాగే ఉండనివ్వండి. షేర్ల ఫండ్లలో పెడితే త్వరగా పెరుగుతుంది కదా అని మీ వారు అనొచ్చు. పద్నాలుగు నెలల్లో కావలసిన డబ్బుకి అది చోటు కాదు. సేవింగ్స్‌లోని 3.20 లక్షలు ట్రిప్పుకి లేవనుకోండి. మీ నెల ఖర్చులు, ఈఎంఐ కలిపితే అది దాదాపు మూడున్నర నెలలు మాత్రమే వస్తుంది. ఒకవేళ చీటీ దెబ్బతింటే మీకు పోయేది 2027 ట్రిప్పు ఒక్కటే, ఇల్లు నడవడానికి ఇబ్బంది ఉండదు. ఆ 3.20 లక్షలు వీసాకి కూడా పనికొస్తాయి. కాన్సులేట్ వాళ్లు బ్యాంకు స్టేట్‌మెంట్‌లో చూసేది స్థిరంగా ఉన్న నిల్వని. దరఖాస్తుకి వారం ముందు బావగారి దగ్గర తెచ్చి వేసిన మూడు లక్షలు వాళ్లకి ఇట్టే కనబడిపోతాయి.

వీసాకి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ దరఖాస్తు చేసుకోవచ్చు. మీరు జనవరిలో చేయండి. మీ శాఖ నుంచి విదేశీ ప్రయాణానికి అనుమతి కావాలి, ఆ ఫైలు డిసెంబరులోనే కదపండి. ఎంత నెమ్మదిగా కదులుతుందో మీకు నేను చెప్పాలా! వీసాకి చూపించడానికి రద్దు చేసుకోగల గదులే బుక్ చేయండి. విమానానికి రిజర్వేషన్ చూపిస్తే చాలు, డబ్బు తిరిగిరాని టికెట్ వీసా రాకముందు కొనకండి.

డబ్బు తీసుకెళ్లే పద్ధతి కూడా చెప్పాలి. మామూలు డెబిట్, క్రెడిట్ కార్డులు చాలావాటికి విదేశీ వాడకంపై 3.5 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ వేస్తారు. మొత్తం 4.13 శాతం. లక్షన్నర ఖర్చుకి 6,200 దాకా ఉత్తి పుణ్యానికి పోతాయి. అదనపు చార్జీ లేని కార్డు ఒకటి, ముందే యూరోలు నింపుకునే ఫారెక్స్ కార్డు ఒకటి పెట్టుకోండి. ఫారెక్స్ కార్డులో ఒకేసారి కాకుండా ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్‌లో మూడు విడతలుగా వేయండి. రేటు ఎటు పోయినా సగటున నష్టం తగ్గుతుంది. విదేశాలకి పంపే డబ్బుపై టీసీఎస్ (ముందే పట్టుకునే పన్ను) ఏడాదికి 10 లక్షలు దాటితేనే, కాబట్టి మీకు ఆ టెన్షన్ లేదు. ఏజెంటు ప్యాకేజీ కొంటే మాత్రం మొదటి రూపాయి నుంచే టీసీఎస్ పట్టుకుంటారు. అది రిటర్నులో సర్దుబాటవుతుంది, కానీ అంతదాకా డబ్బు ఇరుక్కుంటుంది. అక్కడ దుకాణంలో మెషీన్ మీద రూపాయల్లో కట్టాలా, యూరోల్లోనా అని అడుగుతుంది. రూపాయలు చూసి ప్రాణం లేచొచ్చి నొక్కేస్తాం. యూరోలే నొక్కండి, ఆ రూపాయి రేటు వాళ్లకి లాభం ఉండేలా పెట్టింది.

సముద్రం మీద గాలి మరీ ఎక్కువైతే పడవలు ఆపేస్తారు. జూలై, ఆగస్టుల్లో మెల్టెమి అనే ఉత్తరపు గాలితో ఇది తరచూ ఉంటుంది, మేలో తక్కువ. అయినా దీవి నుంచి వచ్చిన రోజే విమానం పెట్టుకోవద్దు. ఏథెన్స్‌లో చివర రెండు రాత్రులు ఉంచింది అందుకే. ఆ రెండు రోజులూ గాలి లేకపోతే అక్రోపోలిస్‌కి, ఉంటే పడవ ఆలస్యానికి.

ఈ నెల జీతం పడ్డ మర్నాడే ఆర్‌డీ మొదలుపెట్టండి. అదే రోజు బీరువాలోంచి పాస్‌పోర్టులు తీసి చూడండి. పిల్లలవి ఐదేళ్లకే గడువు తీరతాయి, తిరుగు ప్రయాణం తర్వాత కూడా కనీసం మూడు నెలలు చెల్లుబాటు కావాలి. చిన్నవాడికి అసలు తీయించారో లేదో మీరు రాయలేదు.