ప్రభుత్వం మారితే మా అమ్మాయి ఉద్యోగం ఏమవుతుంది?

ప్రశ్న: మా అమ్మాయి ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. తోటివాళ్లంతా సాఫ్ట్‌వేర్ కోర్సుల్లో చేరుతుంటే, తను మాత్రం సోలార్, విండ్ లాంటి పునరుత్పాదక ఇంధన రంగంలోకే వెళ్తానని పట్టుబట్టి కూర్చుంది. ఇంట్లో ఖాళీ గదిలో ఫ్యాన్ తిరుగుతుంటే చాలు, గొడవే. మన ఒక్క ఇంట్లో ఫ్యాన్ ఆపితే ప్రపంచం మారిపోతుందా, అదంతా ప్రభుత్వాలు చేయాల్సిన పని అని నేనంటాను. నా అసలు టెన్షన్ వేరే ఉంది. ప్రభుత్వాల దయ మీద నడిచే రంగంలో ఉద్యోగానికి భరోసా ఏమిటి? తనను ఆపాలా, వెళ్లనివ్వాలా? వెళ్తే ఏం చదవాలి? – ఒక తండ్రి

జవాబు: మీ భయానికి ఆధారం లేదని నేను అనను. మీరు దేనికి భయపడుతున్నారో అది ఒక దేశంలో అచ్చంగా జరిగింది. 2007లో స్పెయిన్ ప్రభుత్వం సౌర విద్యుత్తుకు బాగా ఎక్కువ ధర ఇస్తానని ప్రకటించింది. పెట్టుబడులు వెల్లువలా వచ్చిపడ్డాయి. ఒక్క 2008లోనే అక్కడ 2,500 మెగావాట్లకు పైగా సోలార్ ప్లాంట్లు వెలిశాయి. ఆ భారం మోయలేక ప్రభుత్వం అదే ఏడాది ధర తగ్గించింది, ఏటా ఇంతకు మించి కట్టకూడదని పరిమితి కూడా పెట్టింది. మరుసటి ఏడాదికి మార్కెట్ కుప్పకూలింది. ఎంతోమంది ఉద్యోగాలు పోయాయి. తర్వాతి సంవత్సరాల్లో, అప్పటికే కట్టేసిన ప్లాంట్లకు ఒప్పుకున్న ధరలోనూ కోత పడింది.

ఇది చదివి వెంటనే వద్దనకండి. జర్మనీ సంగతి కూడా వినండి. 2000లో ఆ దేశం తెచ్చిన చట్టం ప్రకారం, ఇంటి కప్పు మీద ప్యానెళ్లు పెట్టుకున్న మామూలు మనిషికి కూడా ఆ కరెంటుకు 20 ఏళ్ల పాటు స్థిరమైన ధర దక్కింది. ఆ భరోసాతో ఇళ్లవాళ్లు, రైతులు సొంత డబ్బు పెట్టారు. గిరాకీ పెరిగేసరికి ఫ్యాక్టరీలు విస్తరించాయి, ముఖ్యంగా చైనాలో. 2010 తర్వాతి పదేళ్లలో ప్యానెళ్ల ధర సుమారు పదింట తొమ్మిది వంతులు పడిపోయింది. 1954లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ చేసి చూపిన సిలికాన్ సెల్ తనమీద పడిన ఎండలో 6 శాతాన్నే కరెంటుగా మార్చగలిగేది. ఇప్పుడు మార్కెట్లో దొరికే మామూలు ప్యానెల్ 20 శాతం దాటింది. మీ లెక్కకు పనికొచ్చేది ఇదే: ప్రభుత్వం సబ్సిడీని వెనక్కి తీసుకోగలదు గానీ, ప్యానెళ్లు చవగ్గా తయారు చేయడం నేర్చుకున్న ఫ్యాక్టరీలను ఆ పాత రోజులకు తీసుకెళ్లలేదు. ఇవాళ చాలా దేశాల్లో కొత్త విద్యుత్ కేంద్రం కట్టాలంటే అన్నిటికన్నా చవకైన దారుల్లో సోలార్ ఒకటి. అంతర్జాతీయ పునరుత్పాదక ఇంధన సంస్థ లెక్కల ప్రకారం 2023 నాటికి ఈ రంగంలో ప్రపంచవ్యాప్తంగా 1.62 కోట్ల ఉద్యోగాలున్నాయి.

కాబట్టి రంగం నిలబడుతుందా అన్న ప్రశ్నకు నా సమాధానం, నిలబడుతుంది. ఆ రంగంలో ఏ పని నిలబడుతుందన్నది వేరే ప్రశ్న. మీ అమ్మాయి ఆలోచించాల్సింది దాని గురించే.

దానికి ముందు మీ ఇద్దరి ఫ్యాన్ గొడవ సంగతి చూద్దాం. అది చిన్న విషయం కాదు, ఆమె కెరీర్‌కు దారి చూపేది కూడా అదే. పాతరకం సీలింగ్ ఫ్యాన్ 70, 75 వాట్లు తీసుకుంటుంది. ఖాళీ గదిలో రోజుకు 8 గంటలు తిరిగితే అర యూనిట్ పైనే, ఏడాదికి 200 యూనిట్ల పైనే. ఆమె లెక్క తప్పు కాదు. కానీ అదే పని చేసే బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని, తక్కువ కరెంటుతో తిరిగే) మోటారు ఫ్యాన్‌కు 30 వాట్లు చాలు. ప్రతి ఇంటికీ వెళ్లి ఫ్యాను మార్చుకోండని ఎవరూ చెప్పలేరు. ఎక్కువ కరెంటు తాగే మోటారు దుకాణంలోకే రాకుండా చేయాలంటే అది నిబంధనతోనే అవుతుంది, అక్కడ మీరన్నది ఒప్పు. జపాన్ 1998లో ‘టాప్ రన్నర్’ అనే పద్ధతి పెట్టింది. ఒక రకం వస్తువుల్లో అతి తక్కువ కరెంటుతో పనిచేసేదాన్ని చూసి, కొన్నేళ్లలో తయారీదారులందరూ ఆ స్థాయిని అందుకోవాలని గడువు పెడతారు. ఆ వస్తువును ల్యాబులో పరీక్షించేదీ, గడువు ఎన్నేళ్లుండాలో లెక్క కట్టేదీ, కంపెనీలతో కూర్చుని ఒప్పించేదీ ఎవరు? ఇంజినీర్లే. ఇంట్లో ఫ్యాన్ గురించి పోట్లాడే పిల్లకు అలాంటి పని ఉందని ఎవరో ఒకరు చెప్పాలి కదా, నేను చెబుతున్నాను.

మీరిద్దరూ తలా సగం పట్టుకుని వాదించుకుంటున్నారు. ఆ రెండు సగాలూ కలిసిన చోటు చూడాలంటే డెన్మార్క్‌లోని సామ్‌సో అనే దీవి ఉంది. జనాభా 4 వేల లోపే. పూర్తిగా పునరుత్పాదక ఇంధనంతో బతికే దీవిగా మారే ప్రణాళిక ఎవరు ఇస్తారని ప్రభుత్వం 1997లో పోటీ పెడితే ఈ దీవి గెలిచింది. ఆ తర్వాత పని మొదలైంది. ఊరి సమావేశాల మీద సమావేశాలు. గాలిమరలు పెడితే శబ్దం వస్తుంది, చూడ్డానికి బాగోవు అన్నవాళ్లే, వాటాలు తమవి అన్నాక ముందుకొచ్చారు. 2000లో నేల మీద 11, 2003లో సముద్రంలో 10 గాలిమరలు నిలిచాయి. వాటిలో కొన్ని రైతుల సొంతం, కొన్నిటిలో దీవివాసులవి చిన్నచిన్న వాటాలు. గడ్డి మోపులు కాల్చి ఆ వేడి నీటిని పైపుల్లో ఇళ్లకు పంపుతారు. కార్లు, పడవలు ఇంకా చమురుతోనే నడిచాయి, కాబట్టి దానికి బదులుగానే సముద్రంలోని గాలిమరల కరెంటును బయటికి పంపారు. గాలి కరెంటుకు ధర హామీ ఇచ్చే విధానం లేకపోతే రైతు అప్పు చేసేవాడు కాదు. రైతు చేయి కలపకపోతే ఆ విధానం కాగితం మీదే ఉండిపోయేది. ఆ ఇద్దరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టి లెక్కలు అర్థమయ్యేలా చెప్పే మనుషులు ఈ రంగంలో ఇప్పటికీ తక్కువే.

ఇక ఏ పని నిలబడుతుందో చూద్దాం. కేవలం ప్యానెళ్లు అమ్మడం, బిగించడం మీదే కెరీర్ కట్టుకుంటే స్పెయిన్‌లో జరిగిందే ఇంకోచోట జరగవచ్చు. నా సలహా గ్రిడ్, అంటే విద్యుత్ కేంద్రాల నుంచి ఇళ్ల దాకా కరెంటు మోసే లైన్ల వల. కరెంటు ఎంత వాడుతుంటే ఆ క్షణంలో అంతే ఉత్పత్తి కావాలి. లేకపోతే 50 హెర్ట్జ్ దగ్గర, కొన్ని దేశాల్లో 60 దగ్గర, స్థిరంగా ఉండాల్సిన ఫ్రీక్వెన్సీ (కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందన్న లెక్క) జారిపోతుంది. ఎండ మన సమయానికి రాదు. సాయంత్రం సూర్యుడు దిగిపోయే వేళకే ఇళ్లలో లైట్లూ పొయ్యిలూ వెలుగుతాయి. గ్రిడ్ మీద పగలు పడిపోయి సాయంత్రం నిటారుగా లేచే ఆ లోడు గీతను కాలిఫోర్నియా గ్రిడ్ సంస్థ 2013లో గీసి చూపింది. అది బాతు ఆకారంలో ఉందని దానికి ‘డక్ కర్వ్’ అనే పేరు స్థిరపడింది. 2025 ఏప్రిల్ 28 మధ్యాహ్నం స్పెయిన్, పోర్చుగల్ రెండూ ఒకేసారి చీకట్లోకి వెళ్లాయి. వోల్టేజీ హద్దు మీరడం, ఒకదాని వెంట ఒకటి ప్లాంట్లు ట్రిప్ కావడం అందుకు దారితీశాయని విచారణల్లో తేలింది. వోల్టేజీని అదుపులో ఉంచడం తెలిసిన ఇంజినీరు విలువ ఎంతో అక్కడ ప్రతి ఒక్కరికీ తెలిసొచ్చింది. అంతర్జాతీయ ఇంధన సంస్థ 2023లో చెప్పిన మరో లెక్క చూడండి. గ్రిడ్‌కు కనెక్షన్ కోసం వరుసలో నిలబడిన పునరుత్పాదక ప్రాజెక్టులు 3,000 గిగావాట్లు. ప్యానెళ్లున్నాయి, డబ్బుంది, లైన్లు చాలడం లేదు. నన్నడిగితే రాబోయే 20 ఏళ్ల ఉద్యోగాలు ఆ వరుసలో ఉన్నాయి.

అందుకని పవర్ సిస్టమ్స్, ప్రొటెక్షన్, పవర్ ఎలక్ట్రానిక్స్, కంట్రోల్ సిస్టమ్స్ సబ్జెక్టులను పరీక్ష కోసం కాకుండా పట్టుగా చదవమనండి. ఇన్వర్టర్ (ప్యానెల్ ఇచ్చే డీసీ కరెంటును ఇళ్లలో వాడే ఏసీగా మార్చే పరికరం) లోపల ఏం జరుగుతుందో తెలిసినవాళ్లకు సోలార్, బ్యాటరీ స్టోరేజ్, ఎలక్ట్రిక్ వాహనాలు మూడు చోట్లా తలుపు తెరిచే ఉంటుంది. సాఫ్ట్‌వేరా, ఇదా అనే పోలిక కూడా వదిలేయండి. రేపు ఎంత గాలి వీస్తుంది, ఎంత లోడు పడుతుంది అని అంచనా వేసే పని చాలావరకు ప్రోగ్రామింగే. పైథాన్ ఆమెకు ఎలాగూ కావాలి. ఒకవేళ ఆమె మనసు మారినా ఆ చదువు వృథా పోదు.

వారం రోజుల్లో ‘సోలార్ ఎక్స్‌పర్ట్’ సర్టిఫికెట్ ఇచ్చే కోర్సులకు డబ్బు కట్టకండి. వాటిలో చెప్పేది ఏ మంచి ఇన్‌స్టలేషన్ కంపెనీ అయినా చేరిన మొదటి నెలలో నేర్పుతుంది.

ఎనర్జీ ఆడిటింగ్, అంటే ఫ్యాక్టరీల్లో కరెంటు ఎక్కడ వృథా అవుతోందో వెతికి చూపే పని గురించి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి, చాలామంది పిల్లలకు అలాంటి ఉద్యోగం ఒకటుందనే తెలియదు. నా దగ్గర సలహా తీసుకుని ఆ పనిలో చేరిన ఒక అమ్మాయి తన మొదటి ఆడిట్‌కు సెలవు రోజున ఫ్యాక్టరీకి వెళ్లింది. యంత్రాలన్నీ ఆగి ఉన్నాయి. అయినా యంత్రాలకు ఒత్తిడితో గాలిని పంపే కంప్రెసర్ మాత్రం కాసేపు ఆగుతోంది, మళ్లీ దానంతటదే ఆన్ అవుతోంది. గాలి వాడేవాళ్లు లేనప్పుడు ఎవరికోసం తిరుగుతోంది? షెడ్డులో చప్పుడు చేయకుండా నిలబడితే పైపుల జాయింట్ల దగ్గర సన్నగా బుసకొట్టినట్టు వినిపించింది. సబ్బు నీళ్లు బ్రష్షుతో పూసింది. బుడగలు పొంగిన ప్రతిచోటా ఎర్ర ట్యాగు కట్టుకుంటూ పోయింది. సాయంత్రానికి తెచ్చుకున్న ట్యాగులు అయిపోయాయి, జాయింట్లు ఇంకా మిగిలే ఉన్నాయి. సరిగా పట్టించుకోని ఫ్యాక్టరీల్లో కంప్రెసర్ తయారుచేసే గాలిలో 20, 30 శాతం ఇలా లీకుల్లో పోవడం మామూలే. కొత్త వాషర్లతో, బిగించిన క్లాంపులతో ఆగిపోయే నష్టం అది. దానికి సబ్సిడీ అక్కర్లేదు. అలాగని ప్రభుత్వం పాత్ర లేకుండానూ పోలేదు. యూరోపియన్ యూనియన్ 2012లో తెచ్చిన నిబంధన ప్రకారం పెద్ద కంపెనీలు నాలుగేళ్లకోసారైనా ఆడిట్ చేయించుకోవాల్సి వచ్చింది. కంపెనీ గేటు తెరిపించింది చట్టం, ఆ బుస వినిపించుకుంది ఆ అమ్మాయి చెవి.

సైట్ ఉద్యోగాల గురించి మీరు అడగలేదు, నేనే చెప్పేస్తున్నాను. సోలార్ ప్లాంట్లు ఊళ్లకు దూరంగా, ఎండ మండే చోట ఉంటాయి. గాలిమర మీద పని అంటే హార్నెస్ (పడిపోకుండా ఒంటికి కట్టుకునే పట్టీలు) వేసుకుని నిచ్చెన ఎక్కాలి. మొదటి ఏడాది రెండేళ్లు సైట్‌లో పనిచేసినవాళ్లు తర్వాత డిజైన్‌లోకి వచ్చినా వాళ్ల మాటకు బరువుంటుంది, కాబట్టి నేను వెళ్లమనే చెబుతాను. ఏ కంపెనీ అయినా భద్రతా శిక్షణ ఇస్తుందా, ఒంటరిగా పంపుతుందా, బస ఎలా ఉంటుంది అన్నవి చేరకముందే అడగండి. ఆ ప్రశ్నలకు విసుక్కునే చోట చేరనివ్వకండి.

పీజీ తొందరేం లేదు. రెండేళ్లు పనిచేశాక గ్రిడ్ వైపు మనసుంటే పవర్ సిస్టమ్స్‌లో, ధరలు, నియంత్రణ వైపు ఆసక్తి పుడితే ఇంధన విధానంలో చేయవచ్చు. డిగ్రీ పేరులో ‘రెన్యూవబుల్’ అని ఉందా లేదా అన్నది చూడొద్దు, ల్యాబులో ఏముందో చూడండి.

ఈ నెల రోజులూ ఆమెను ఒక పని చేయమనండి. ఒక నోట్‌బుక్ పెట్టుకుని రోజూ ఒకే వేళకు, పొద్దునొకసారి, రాత్రి పడుకోబోయే ముందొకసారి ఇంటి కరెంటు మీటరు రీడింగ్ రాయాలి. రాత్రంతా ఇల్లు నిద్రపోతుండగా ఎన్ని యూనిట్లు కాలాయి, ఎందుకు కాలాయి అన్నది కనిపెట్టాలి. నెలాఖరులో బిల్లు వచ్చాక అందులో ప్రతి వరుసా అర్థమయ్యేదాకా వదలకూడదు: స్థిర చార్జీ ఎందుకు, ఈ స్లాబు దాటితే ధర ఎందుకు పెరిగింది, ఆ ధర ఎవరు నిర్ణయించారు. విద్యుత్ నియంత్రణ సంస్థలు ఆ ధరల ఉత్తర్వులను కారణాలతో సహా బయటపెడుతుంటాయి, ఒక్కటైనా తీసి చదవమనండి. అది చదువుతూ ఆమెకు నిద్ర రాకపోతే తను సరైన దారిలో ఉన్నట్టే. పొద్దున రీడింగ్ ఆమె తీస్తుంది, రాత్రి రీడింగ్ మాత్రం మీరు తీయండి. పడుకునే ముందు మీటరు దగ్గరికి వెళ్లాలంటే ఆ ఖాళీ గది మీదుగానే వెళ్లాలి కదా.