కాలేజీ ఫుట్‌బాల్‌లో డబ్బు వచ్చాక హైస్కూల్ పిల్లల పరిస్థితి: మా అబ్బాయి అనుభవం

మీ బాబు డాలస్ దగ్గర టెన్త్ గ్రేడ్‌లో ఉన్నాడని, అమెరికన్ ఫుట్‌బాల్ ఆడతాడని రాశారు. ఇప్పుడు కాలేజీ ఆటగాళ్లకు డబ్బులిస్తున్నారు కదా, మావాడికీ అవకాశాలు పెరిగినట్టేనా అని అడిగారు. పెరగలేదండీ. పైనున్న కొద్దిమంది దశ తిరిగింది, మిగతా పిల్లలకు మాత్రం దారి ఇరుకైంది. మేము ఆ దారిలో నడిచాం కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మా అబ్బాయి కికర్, అంటే బంతిని గోల్‌పోస్టుల మధ్యకి తన్నేవాడు. డాలస్ పక్కనే ఉన్న ఫ్రిస్కోలో పెరిగాడు. సాకర్ ఆడుకునేవాణ్ణి తొమ్మిదో తరగతిలో స్కూల్ కోచ్ ఫుట్‌బాల్‌లోకి తీసుకున్నాడు. గుంటూరులో పెరిగిన నాకు క్రికెట్ తప్ప వేరే ఆట తెలియదు. అయినా ప్రాక్టీసుకి బంతి పట్టుకునే మనిషి కావాలి కాబట్టి నేర్చుకున్నాను. మోకాలు నేలకి ఆనించి, బంతిని నిలబెట్టి, పైకొన మీద ఒక్క వేలు ఉంచి, లేసులు గోల్‌పోస్టు వైపు తిప్పాలి. లేసులు కాలికి తగిలితే బంతి ఎటు పోతుందో చెప్పలేం. జూలైలో సాయంత్రం ఏడింటికి కూడా ఆ టర్ఫ్, అంటే కృత్రిమ గడ్డి, సెగలు కక్కుతుంది. అందులో పోసే నల్ల రబ్బరు రవ్వ మా ఇంటి హాల్లో ఏడాది పొడుగునా కనబడేది.

జూనియర్ ఇయర్, అంటే పదకొండో తరగతి, సెప్టెంబరు 1 నుంచి కాలేజీ కోచ్‌లు పిల్లలకు నేరుగా మెసేజ్ చెయ్యొచ్చు. పేరున్న కుర్రాళ్ల ఫోన్లు ఆ రోజే మోగుతాయి. మావాడి ఫోన్ నవంబరులో మోగింది. 2024 వేసవిలో ఒక పెద్ద కాలేజీ వాళ్ల క్యాంపుకి వెళ్తే, ‘ప్రిఫర్డ్ వాక్-ఆన్’గా తీసుకుంటామన్నారు. అంటే స్కాలర్‌షిప్ ఉండదు, ఫీజు మనమే కట్టుకోవాలి, టీమ్‌లో చోటు మాత్రం ఖాయం. మేము సంతోషంగా ఒప్పుకున్నాం. మిగతా కాలేజీలకు థాంక్స్ చెప్పి మెయిల్స్ పెట్టేశాం. అదే మేం చేసిన పొరపాటు.

క్రిస్మస్ అయిన రెండో రోజు ఇండియన్ స్టోర్ పార్కింగ్‌లో ఉండగా ఆ కాలేజీ కోచ్ ఫోన్ చేశాడు. ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే జాబితా) నుంచి ఒక కికర్ వచ్చాడట, మూడు సీజన్లు ఆడినవాడట. పైగా వచ్చే ఏడాది నుంచి టీమ్‌లో 105 మందే ఉండాలంటున్నారు, సారీ అన్నాడు. నాలుగు నిమిషాలు కూడా మాట్లాడలేదు. మావాడు "ఓకే కోచ్, థాంక్యూ కోచ్" అని పెట్టేశాడు. వెనక సీట్లో బియ్యం బస్తా, కూరగాయల సంచులు. కారు స్టార్ట్ చెయ్యబుద్ధి కాలేదు. కాసేపటికి వాడే అడిగాడు, "నాన్నా, మిగతా కాలేజీల మెయిల్స్ ఇంకా ఉన్నాయా?" అని.

అసలు ఏం మారిందంటే, 2021 జూన్‌లో ఆల్స్టన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు 9-0తో ఎన్‌సీఏఏకి, అంటే కాలేజీ ఆటల్ని నడిపే సంస్థకి, వ్యతిరేకంగా తీర్పిచ్చింది. ఆ జూలై 1 నుంచి ఆటగాళ్లు తమ పేరు, ఫోటో వాడుకోనిచ్చి డబ్బు తీసుకోవచ్చు. ఎన్‌ఐఎల్ అంటున్నది దీన్నే. అదే ఏడాది కాలేజీ మారినా ఒకసారికి ఏడాది పాటు ఆటకు దూరంగా కూర్చోనక్కర్లేకుండా ఆడనిచ్చారు. 2024లో ఎన్నిసార్లు మారినా పర్వాలేదన్నారు. తర్వాత ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన హౌస్ కేసులో సెటిల్మెంట్‌కి (రాజీకి) 2025 జూన్‌లో ఆమోదం వచ్చింది. ఇప్పుడు కాలేజీయే నేరుగా ఆటగాళ్లకు డబ్బివ్వొచ్చు. 2025-26కి ఒక్కో కాలేజీకి పరిమితి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. దాంట్లో చాలాచోట్ల సింహభాగం ఫుట్‌బాల్‌దే.

డబ్బివ్వడం తప్పని నేను అనను. లక్షమంది టికెట్ కొనుక్కుని చూసే ఆటలో, ఆడే పిల్లాడికి చదువు, తిండి, గది తప్ప ఏమీ దక్కకపోవడం అన్యాయం. కానీ ఒక్కసారి కోచ్ వైపు నుంచి చూడండి. పదిహేడేళ్ల కుర్రాణ్ణి తీసుకుని, రెండేళ్లు తయారుచేస్తే, వాడు బాగా ఆడటం మొదలెట్టగానే ఇంకో కాలేజీ ఎక్కువిచ్చి తీసుకుపోతుంది. ఆ డబ్బేదో పెట్టి తయారైన ఆటగాణ్ణే తెచ్చుకుంటే సరి అనుకుంటాడు. కాబట్టి మీ బాబు పోటీ పక్క స్కూల్ పిల్లలతో కాదు, ఇరవై రెండేళ్ల మగవాళ్లతో. ఇదివరకు 85 స్కాలర్‌షిప్‌ల పైన వాక్-ఆన్లకు లెక్క ఉండేది కాదు, 120 మందికి పైగా ఉండే టీములు చాలా ఉండేవి. సెటిల్మెంట్‌లో చేరిన కాలేజీల్లో ఇప్పుడు మొత్తం కలిపి 105. ఆ కోతలో పోయింది మావాడిలాంటి పిల్లలే.

వార్తల్లో చూసే అంకెల్ని పట్టించుకోకండి. 2024 నవంబరులో హైస్కూల్ క్వార్టర్‌బ్యాక్ (జట్టు ఆటను నడిపిస్తూ బంతి విసిరేవాడు) బ్రైస్ అండర్‌వుడ్ ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ)కి ఇచ్చిన మాట వదిలి మిషిగన్ యూనివర్సిటీకి మారినప్పుడు కోటి డాలర్ల పైమాటే అని రాశారు. అలాంటి క్వార్టర్‌బ్యాక్‌లు దేశం మొత్తమ్మీద ఏడాదికి వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. మాటిచ్చిన డబ్బంతా చేతికొస్తుందనీ లేదు. జేడెన్ రషాడా అనే ఇంకో క్వార్టర్‌బ్యాక్ ఫ్లోరిడా యూనివర్సిటీలో చేరితే 1 కోటి 38 లక్షల డాలర్ల పైచిలుకు ఒప్పందం అన్నారు, అది చెడిపోయి ఆ అబ్బాయి వేరే కాలేజీకి వెళ్లి, చివరికి కోర్టుకెక్కాడు. ఎవరు కాగితం తెచ్చినా లాయరుకి చూపించకుండా సంతకం పెట్టొద్దు.

మీ వీసా సంగతి రాయలేదు. బాబు ఇక్కడే పుట్టి ఉంటే సరే. హెచ్4 (మీ వీసా మీద ఆధారపడ్డ వీసా) మీద ఉంటే, లేదా కాలేజీలో ఎఫ్1 (విద్యార్థి వీసా)కి మారితే, స్కాలర్‌షిప్‌కి ఇబ్బంది లేదు గానీ ఎన్‌ఐఎల్ డబ్బు ఉద్యోగం కింద లెక్కకొస్తే స్టేటస్‌కే ముప్పు. మన తెలుగువాళ్లలో ఈ సంగతి ఆలోచించేవాళ్లు తక్కువ, అందుకే నొక్కి చెబుతున్నాను.

ఇంకోమాట. డివిజన్ 2ని, అంటే కాలేజీ ఆటల్లో రెండో స్థాయిని, తక్కువగా చూడకండి. ఒక్కో కాలేజీకి ఫుట్‌బాల్‌లో 36 స్కాలర్‌షిప్‌ల విలువకు మించి ఉండదు, దాన్నే ముక్కలు చేసి వందమందికి సర్దుతారు. మార్కులు బాగుంటే చదువు మీద వచ్చే సాయం దానికి తోడవుతుంది. ఆ జనవరిలో మావాడు పాత మెయిల్స్ తీసి పదకొండు కాలేజీలకు మళ్లీ రాశాడు. రెండు జవాబిచ్చాయి. అందులో ఒక డివిజన్ 2 కాలేజీలో చేరి ఇప్పుడు ప్రతి శనివారం ఆడుతున్నాడు. మేం ఐదు గంటలు డ్రైవ్ చేసుకుని వెళ్లి చూసొస్తాం.

మీవాడు ఏ పొజిషనో, జీపీఏ ఎంతో కామెంట్లో రాయండి. మావాడు కోచ్‌లకు రాసిన మెయిల్ నమూనా, వీడియో ఎలా కత్తిరించి పంపాడో అన్నీ పంపిస్తాను.