పేరొక్కటే, క్లాసులు రెండు: డాక్యుమెంటేషన్‌లో దారి తప్పిన లింకులు

ప్రశ్న: మేము ఒక బ్యాంకు కోసం సీ ప్లస్ ప్లస్‌లో రాస్తున్న ప్రోగ్రాముకు, కోడ్‌లోని కామెంట్ల నుంచి వివరణ పేజీలను తయారుచేసే డాక్సిజన్ అనే సాధనంతో డాక్యుమెంటేషన్ తయారుచేస్తున్నాము. రుణాల నేమ్‌స్పేస్‌లో (పేర్లు కలిసిపోకుండా కోడ్‌ను వేరుచేసే విభాగం) ఒకటి, డిపాజిట్ల నేమ్‌స్పేస్‌లో ఒకటి చొప్పున ‘అకౌంట్’ అనే క్లాసులు రెండున్నాయి. డిపాజిట్లకు చెందిన ఒక ఫంక్షన్ వివరణలో రుణ ఖాతాను ఉద్దేశించి ఆ పేరు రాస్తే, లింకు డిపాజిట్ల క్లాసుకే వెళుతోంది. పైగా మామూలు ఇంగ్లీషు మాటగా రాసిన ‘అకౌంట్’ సైతం కొన్నిచోట్ల లింకుగా మారుతోంది, కొన్నిచోట్ల మారడం లేదు. అమీర్‌పేటలో శిక్షణ ముగించుకుని కొత్తగా చేరిన ఉద్యోగి ఒకరు ఆ లింకును నమ్మి రెండు రోజులు వేరే క్లాసును చదివారు. దీన్ని ఎలా సరిదిద్దాలి?
— ఒక పాఠకురాలు, మాదాపూర్, హైదరాబాదు

జవాబు: ఇవి రెండు వేర్వేరు లోపాలు. రెండవది తేలిక కనుక ముందుగా చెబుతాను. వివరణ రాసి ఉన్న క్లాసు పేరుతో ఏ మాట సరిపోలినా, అందులో అన్నీ స్మాల్ అక్షరాలే కాకుండా ఉంటే చాలు, డాక్సిజన్ దాన్ని లింకుగా మారుస్తుంది. వాక్యం మొదట్లో క్యాపిటల్ అక్షరంతో వచ్చిన ‘అకౌంట్’ లింకు కావడానికీ, వాక్యం మధ్యలోది కాకపోవడానికీ కారణం అదే. లింకు వద్దనుకున్న మాటకు ముందు % గుర్తు పెట్టండి. ‘ఆటోలింక్ సపోర్ట్’ అనే అమరికను పూర్తిగా ఆపివేయవచ్చు కానీ, పనికివచ్చే లింకులు కూడా పోతాయి కనుక ఆ పని నేను సూచించను.

అసలు చిక్కు మొదటిది. కామెంటు ఏ నేమ్‌స్పేస్‌లో ఉందో, పేరు కోసం డాక్సిజన్ మొదట అక్కడే వెతుకుతుంది; దొరికితే బయటికి చూడదు. బంజారాహిల్స్‌లో నిలబడి ‘రోడ్ నంబర్ 10’ అని అడిగితే ఎవరైనా అక్కడి రోడ్డే చూపుతారు, జూబ్లీహిల్స్‌లోనూ అదే నంబరు రోడ్డు ఉన్నదని గుర్తుచేయరు. కాబట్టి నేమ్‌స్పేస్‌తో సహా పూర్తి పేరు రాయాలి. ఒకే పేరుతో అనేక ఫంక్షన్లు ఉన్నప్పుడూ ఇంతే: పారామీటర్ల రకాలు రాయకపోతే లింకు వాటిలో ఏదో ఒకదానికి వెళుతుంది.

అయితే పూర్తి పేరును కూడా ఊరికే రాయకుండా, బ్యాక్‌స్లాష్‌తో మొదలయ్యే ‘రెఫ్’ ఆదేశంతో రాయమని గట్టిగా చెబుతాను. రేపు ఎవరైనా క్లాసు పేరు మారిస్తే, తనంతట తానుగా ఏర్పడిన లింకు చడీచప్పుడు లేకుండా మామూలు మాటగా మారిపోతుంది. ‘రెఫ్’తో రాసినదైతే లక్ష్యం దొరకలేదన్న హెచ్చరిక వస్తుంది. ‘వార్న్ యాజ్ ఎర్రర్’ అమరికతో ఆ హెచ్చరికను బిల్డ్ (డాక్యుమెంటేషన్ తయారీ) ఆగిపోయే లోపంగా మార్చుకోవచ్చు. ఉన్న క్లాసుకే వెళ్ళిన తప్పు లింకుకు మాత్రం ఏ హెచ్చరికా రాదు, ఎందుకంటే సాధనం దృష్టిలో అది సరైన లింకే. అందువల్ల రెండు నేమ్‌స్పేస్‌లలోనూ ఉన్న పేర్లను జాబితా రాసుకొని, వాటి లింకులను ఒక్కొక్కటిగా నొక్కి చూడక తప్పదు.

చివరగా, పాత హెచ్‌టీఎంఎల్ ఫోల్డరును తొలగించి మళ్ళీ తయారుచేయండి. డాక్సిజన్ పాత పేజీలను తానుగా తీసివేయదు కనుక, పేరు మారిన క్లాసు పేజీ పాత చిరునామాలోనే మిగిలి, బుక్‌మార్కు పెట్టుకున్నవారికి కాలం చెల్లిన వివరణనే చూపిస్తూ ఉంటుంది.