తాగితే పోయేది ఏ జ్ఞాపకం?

ప్రశ్న: నేనో నవల రాస్తున్నానండీ. అంతుచిక్కని జ్వరంతో జనమంతా పోయిన ఇరవై ఏళ్లకు మిగిలిన నలభై మంది ఉండవల్లి గుహల్లో ఉంటారు. బ్యారేజీ దాటి బెజవాడ వెళ్లి, పాడుబడ్డ షాపుల్లోంచి మందు తెచ్చుకుని రోజూ రాత్రి తాగుతారు. అలా తాగీ తాగీ పాత ప్రపంచాన్ని పూర్తిగా మరిచిపోతారు. చుక్క ముట్టని ఒక ముసలాయనకే అన్నీ గుర్తుంటాయి. పిల్లలకు బెజవాడ కథలు ఆయనే చెబుతాడు. నమ్మేలా ఉందా? ఆ మందు అన్నేళ్లు ఉంటుందా? మొదటి అధ్యాయం జత చేశాను.
- ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ముందు మందు సంగతి తేల్చేద్దాం. సీలు తియ్యని విస్కీ, బ్రాందీ ఇరవై ఏళ్లయినా చెడవు. బీరు అలా కాదు, ఆరు నెలలు దాటితేనే రుచి పోతుంది. కాబట్టి మూడో పేజీలో మీ హీరో లొట్టలేస్తూ తాగిన బీరు కొట్టేయండి.

అయినా నలభై మంది రోజూ తాగితే షాపులు ఎన్నాళ్లొస్తాయి? ఆ తర్వాత దిక్కు తాటిచెట్టే. గుంటూరులో కూర్చుని రాస్తూ తాటిచెట్టును ఎలా మరిచారండీ! మోకు వేసుకుని చెట్టెక్కడం వచ్చినవాడు ఆ గుంపులో ఒక్కడుంటే వాడి మాటే చెల్లుతుంది. పొద్దున దించిన కల్లు తియ్యగా ఉంటుంది, సాయంత్రానికి పులిసిపోతుంది, ఇంకో రెండు మూడు రోజులకు వెనిగరే. కుండ లోపల సున్నం పూస్తే పులవదు, నీరాగా మిగులుతుంది. ఆ సున్నం ఎవరు పూశారన్న దాని మీదే ఒక అధ్యాయం నడిచేంత తగాదా పెట్టొచ్చు.

ఇక జ్ఞాపకాల దగ్గర మీరు తలకిందులుగా రాశారు. తాగినంత మాత్రాన పాతవి తుడిచిపెట్టుకుపోవు. మందు దెబ్బ కొత్తవాటి మీద. మెదడులో హిప్పోక్యాంపస్ అనే భాగం, జరుగుతున్నదాన్ని జ్ఞాపకంగా నిలబెడుతుంది. ఒక్కసారిగా ఎక్కువ తాగితే ఆ పని ఆగిపోతుంది. మనిషి మాట్లాడతాడు, నడుస్తాడు, తగువు కూడా పెట్టుకుంటాడు. తెల్లారితే ఒక్కటీ గుర్తుండదు. అంటే మీవాళ్లకు ఇరవై ఏళ్ల కిందటి బీసెంట్ రోడ్డు పండగ రద్దీ గుర్తుంటుంది, రాత్రి కాపలా వంతు ఎవరిదో గుర్తుండదు. మరిచిపోదామని తాగి, మరిచిపోలేక చస్తారు.

మా బాబాయిది తెనాలి పక్క పల్లె. అన్నం ముద్ద ముట్టకుండా తాగేవాడు. 1995లో మద్యనిషేధం వచ్చినా ఆయనకు దొరక్కపోలేదు. ఆఖరి రెండేళ్లు మంచం దిగలేదు. నేను వెళ్తే మాత్రం, "పొద్దున్నే తెనాలి వెళ్లొచ్చాన్రా. బస్సులో పక్కనావిడ బుట్టలో కోడిపిల్లలు, ఒకటే గోల" అనేవాడు. పిన్ని గుమ్మంలో నిలబడి కాదన్నట్టు చెయ్యి ఊపేది. ఆయన అబద్ధమాడటం లేదు, నిజంగానే వెళ్లొచ్చాననుకునేవాడు. తిండి మాని ఏళ్ల తరబడి తాగితే బి1 విటమిన్ పడిపోయి కోర్సకాఫ్ అనే జబ్బు రావచ్చు. అందులో ఖాళీలను మెదడే కల్పించి నింపుకుంటుంది. (తమాషా ఏంటంటే, మిల్లులు ఆగిపోయాక మీవాళ్లు తినేది దంపుడు బియ్యం. దాని తవుడులో బి1 ఉంటుంది. అన్నం తిని తాగేవాళ్లకు ఈ జబ్బు అంత తేలిగ్గా రాదు.)

అందుకని, మీ ముసలాయన చేత తాగించండి. అందరికన్నా ఎక్కువ తాగేవాడు, అన్నం మానేసినవాడు ఆయనే కావాలి. గుహలో పుట్టిన పిల్లలు ఆయన చెప్పిన బెజవాడనే బెజవాడ అనుకుని పెరుగుతారు. కాదని చెయ్యి ఊపే పిన్ని అక్కడ ఉండదు.

ఇంకోటి. ప్రకాశం బ్యారేజీకి 72 గేట్లని రాశారు. 70. రచయితగా మీరన్న మాటైతే దిద్దుకోండి. ఆ ముసలాయన అన్నదైతే అలాగే ఉండనివ్వండి.