నేలను చూసి, నెలను చూసి పాము బూట్లు

ఆగస్టు దిగిందంటే టెక్సస్‌కి కొత్తగా వచ్చిన మనవాళ్ల దగ్గర్నుంచి ఒకటే ప్రశ్న. ఆఫీసులో ఎవరో సెప్టెంబరులో డవ్ హంటింగ్‌కి, అంటే గువ్వల వేటకి రమ్మన్నారు, అక్కడ రాటిల్‌స్నేకులు (తోకకి గిలక ఉండే విషప్పాములు) ఉంటాయట, ఏ బూట్లు కొనమంటారు? కొందరైతే నన్ను అడిగేసరికే మోకాలిదాకా వచ్చే బూట్లకు ఆర్డరు పెట్టేసి ఉంటారు. నేను తిరిగి రెండే అడుగుతాను. నడిచేది ఎలాంటి నేల మీద? వెళ్లేది ఏ నెలలో? ఇవి తేలితే బూట్ల సంగతి సగం తేలినట్టే.

దానికంటే ముందు ఒక కాగితం సంగతి ఉంది. హెచ్1బీ, హెచ్4, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ఉన్న కొద్దిపాటి మినహాయింపుల్లో మనకి పనికొచ్చేది ఒకటే: ఇక్కడి రాష్ట్రమేదైనా ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్సు. స్నేహితుడి తుపాకీయే కదా, కాసేపు పట్టుకుంటే ఏమవుతుందిలే అనుకోవద్దు. టెక్సస్‌లో ఇందులో రెండు మెలికలున్నాయి. లైసెన్సు సంవత్సరం ఆగస్టు 31తో ముగుస్తుంది, చాలా ప్రాంతాల్లో డవ్ సీజన్ సెప్టెంబరు 1న మొదలవుతుంది. జేబులో పోయినేటి లైసెన్సు ఉంటే ఏమీ లేనట్టే. రెండోది అడవిపందుల విషయం. భూమి యజమాని ఒప్పుకుంటే ప్రైవేటు స్థలంలో పందుల వేటకి లైసెన్సు అక్కర్లేదని 2019లో రాష్ట్రం చట్టం చేసింది. పందిని కొట్టడానికి అక్కర్లేదేమో గానీ వీసా మీద ఉన్న మనిషి తుపాకీ ముట్టుకోవడానికి కావాలి. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకి హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా ఉంటుంది. అనుమానం ఉంటే ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగండి. మిమ్మల్ని వేటకి పిలిచిన పెద్దమనిషికి ఈ వీసా నిబంధన ఒకటుందనే తెలియకపోవచ్చు.

ఇక పాములు. అమెరికాలో ఏటా ఏడెనిమిది వేలమందిని విషప్పాములు కరుస్తాయని, అందులో చనిపోయేవాళ్లు ఐదుగురి దాకా ఉంటారని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ లెక్క. అంటే ప్రాణభయంతో వేట మానుకోనక్కర్లేదు. అలాగని తేలిగ్గా తీసుకునేదీ కాదు. రాటిల్‌స్నేక్ విషం కండని తినేస్తుంది. కాలు తొడదాకా వాచి, మళ్లీ మామూలుగా నడవడానికి నెలలు పట్టినవాళ్లున్నారు. విరుగుడు మందు ఒక్కో వయల్ వేల డాలర్లు పలుకుతుంది, ఒకటి రెండు వయల్స్‌తో అయ్యే వైద్యం కాదది. ఇన్సూరెన్సు పత్రాలు వేటకి వెళ్లేముందే ఒకసారి తిరగేయండి. మీతోపాటు సరదాగా వస్తానన్న నాన్నగారిది విజిటర్ ఇన్సూరెన్సు అయితే మరీ జాగ్రత్తగా చదవండి.

టెక్సస్‌లో చూడాల్సినవి నాలుగు రకాలు: రాటిల్‌స్నేకులు, కాపర్‌హెడ్, కాటన్‌మౌత్, కోరల్ స్నేక్. మొదటి మూడూ మన రక్తపింజరి కుటుంబంలోవే. అదనంగా వీటికి కంటికీ ముక్కుకీ మధ్య వేడిని పసిగట్టే గుంటలుంటాయి, అందుకే పిట్ వైపర్లంటారు. చీకట్లో మీ కాలు వాటికి తెలుస్తుంది, అవి మీకు తెలియవు. కోరల్ స్నేక్ నాగుపాము కుటుంబానిది. కోరలు చిన్నవి, బిడియం ఎక్కువ, మంచి తోలు బూటు ఉంటే దాని గురించి దిగులు అక్కర్లేదు. కాబట్టి బూట్ల లెక్కంతా మొదటి మూడింటితోనే.

నెలతో మొదలుపెడదాం. సెప్టెంబరులో ఇక్కడ ఇంకా ఎండాకాలమే. పగలు నేల కాలిపోతుంటుంది కాబట్టి పాములు పొద్దున, సాయంత్రం కదులుతాయి. డవ్‌లు ఎగిరేదీ ఆ వేళల్లోనే, మీరు నడిచేదీ అప్పుడే. టర్కీ కోడి వేట వసంతంలో వస్తుంది. అప్పుడే పాములు బొరియల్లోంచి బయటికొచ్చి ఎండ కాచుకుంటూ ఉంటాయి. ఈ రెండు సీజన్లలోనూ కాలికి రక్షణ లేకుండా గడ్డిలో అడుగుపెట్టవద్దనే చెబుతాను. జింకల సీజన్ నవంబరులో మొదలవుతుంది కదా, చలికి పాములుండవులే అనుకుంటారు. ఉత్తరాన అది చాలావరకు నిజం. దక్షిణ టెక్సస్‌లో డిసెంబరు మధ్యాహ్నం ఎండ కాస్తే డైమండ్‌బ్యాక్ అనే రాటిల్‌స్నేక్ హాయిగా బయటికొచ్చి పడుకుంటుంది. క్యాలెండర్ కంటే ఆరోజు వాతావరణాన్ని నమ్మండి.

నేల సంగతి ఇంకా ముఖ్యం. దక్షిణ, పడమటి టెక్సస్‌లో వేటంటే మెస్కీట్ తుప్పలు, వాటి కింద నాగజెముడు. మెస్కీట్ అంటే మన సర్కారు తుమ్మకి దాయాది, ముళ్లు కూడా ఆ వంశానివే. ఇక్కడ రోజంతా నడిచే పూరేడు పిట్టల వేటకి మోకాలి దిగువదాకా వచ్చే, పాము కోర దిగకుండా చేసిన స్నేక్ బూట్లు డబ్బుకి తగినవి. నిజం చెప్పాలంటే అవి పాముని ఆపే రోజు మీ జీవితంలో రాకపోవచ్చు, ముళ్లని మాత్రం ప్రతి అడుగులోనూ ఆపుతాయి. తూర్పు టెక్సస్ పైన్ అడవులు, చిత్తడి నేలలైతే కాటన్‌మౌత్ నీటి అంచున ఉంటుంది, కాపర్‌హెడ్ రాలిన ఆకుల్లో ఆకులాగే కలిసిపోతుంది. అక్కడ వాటర్‌ప్రూఫ్ స్నేక్ బూట్లు కావాలి. మామూలు రబ్బరు బూట్లు నీటిని ఆపుతాయి, కోరని ఆపుతాయని నమ్మడానికి లేదు. ఇక కోసేసిన పొద్దుతిరుగుడు చేను గట్టున స్టూలు వేసుకుని కూర్చునే డవ్ వేటకి గెయిటర్లు చాలు.

గెయిటర్ అంటే మీ సొంత బూటు మీదుగా చీలమండ నుంచి మోకాలి కింది దాకా చుట్టుకునే తొడుగు. స్నేక్ బూట్లు 150 నుంచి 300 డాలర్ల మధ్య ఎక్కువగా దొరుకుతాయి, గెయిటర్లు అందులో సగానికే వస్తాయి. ఏడాదికి ఒకటి రెండుసార్లు వెళ్లే కొత్తవాళ్లకి నేనైతే గెయిటర్లే చెబుతాను. తేలిక, ఎండకి ఉడకదు, పని అయిపోగానే విప్పి కారులో పడేయొచ్చు. ఒక్క షరతు: గెయిటర్ పిక్కని కాపాడుతుంది, పాదాన్ని కాదు. కింద తోలు బూటు ఉండాలి. మెష్ రన్నింగ్ షూ మీద గెయిటర్ కట్టుకొచ్చే మనవాళ్లని చాలామందినే చూశాను. కాళ్ల మీద పడే కాట్లు ఎక్కువగా పాదం, చీలమండ చుట్టుపక్కలే పడతాయి. ఇంకో చిన్న లోపం, కొన్ని గెయిటర్లు నడుస్తుంటే బరబరమంటాయి. డవ్‌లకి పర్వాలేదు గానీ జింక వినేస్తుంది. టర్టిల్‌స్కిన్ కంపెనీవి లాంటి బిగువు నేత గెయిటర్లు మెత్తగా ఉంటాయి. పాలీకార్బొనేట్ ప్లాస్టిక్ పలకలు పెట్టినవి గట్టివి, కానీ కూర్చుంటే వంగవు.

బూట్లే కొంటే డానర్, ఐరిష్ సెట్టర్, లక్రాస్, చిప్పెవా లాంటివాళ్లు తయారుచేస్తున్నారు. పెట్టె మీద స్నేక్ ప్రూఫ్ అన్న అక్షరాలు చూసి ఆగిపోకండి. దేనితో పరీక్షించారో, బతికున్న పాముతోనా సూదితోనా, బూటులో ఎంత మేర రక్షణ ఉందో చదవండి. కొన్నిటికి ముందువైపు మాత్రమే ఉంటుంది, మీకు చుట్టూ కావాలి. వెయ్యి డెనియర్ (దారం మందం కొలత) నైలాన్, తోలు కలిపి పొరలుగా కుట్టినవి చాలాకాలంగా నడుస్తున్న పద్ధతి. పక్కన జిప్పు ఉంటే తొడుక్కోవడం సుఖమే గానీ, జిప్పు వెనక కూడా అదే రక్షణ పొర ఉందో లేదో విప్పి చూడండి. ఎత్తు 16 నుంచి 18 అంగుళాలు. నాలుగడుగుల డైమండ్‌బ్యాక్ తన పొడవులో మూడోవంతు నుంచి సగం దూరం విసురుతుంది, నేల మీంచి కాబట్టి అది సాధారణంగా మోకాలి కిందే తగులుతుంది. సన్నటి పిక్కలవాళ్లకి అమెరికన్ కొలతలు వదులుగా ఉంటాయి. పై పట్టీ బిగించుకునే రకం చూసుకోండి, లేదంటే గడ్డీ గాదం లోపలికి చేరతాయి. సీజన్ మొదటిరోజే కొత్త బూట్లతో దిగితే పాము కరవకుండానే కుంటుకుంటూ ఇంటికొస్తారు. కొన్నివారాల ముందే తొడుక్కుని నడవండి.

పై నుంచి వదులైన జీన్స్ వేసుకోండి. ఇది ఉత్తమాట కాదు. చేతి తొడుగుల్లో నీళ్లు నింపి, కొన్నిటికి డెనిమ్ చుట్టి, కాలిఫోర్నియా రాటిల్‌స్నేకుల చేత కరిపించి చూసిన పరిశోధన ఒకటి 2009లో అచ్చయింది. డెనిమ్ ఉన్నచోట లోపలికి దిగిన విషం దాదాపు మూడింట రెండు వంతులు తగ్గింది. బూట్లకి అది ప్రత్యామ్నాయం కాదు, మోకాలి పైభాగానికి మాత్రం ఆమాత్రం ఆసరా. ప్యాంటు మీద పర్‌మెత్రిన్ అనే పురుగుల మందు కొట్టుకోండి, ఒంటి మీద వద్దు. పాము సంగతేమో గానీ చిగ్గర్లు అనే చిన్న దురదపురుగులు, పిడుదులు మాత్రం తప్పకుండా పలకరిస్తాయి.

ఇంతచేసినా చెయ్యి బయటే ఉంటుంది. వేటలో చెయ్యి చేసే పనులు చూడండి: పడిపోయిన పిట్టని గడ్డిలోంచి తీయడం, పందిని లాగడం, చెట్టు మొద్దు పట్టుకుని దాటడం, మంచెలోకి ఎక్కేటప్పుడు చీకట్లో మెట్టు తడుముకోవడం. పిట్టని ముందు కర్రతో కదిపి, చూసి, అప్పుడు తీయండి. మొద్దు కనిపిస్తే ఒకేసారి దాటకుండా దాని మీద ఎక్కి, అవతల చూసి దిగండి. తలకి లైటు పెట్టుకోకుండా చీకట్లో వెనక్కి నడవొద్దు. రాటిల్‌స్నేక్ ప్రతిసారీ గిలక మోగించి హెచ్చరించదు. తెగిన తల కూడా చాలాసేపు కరవగలదు, కాబట్టి ఫోటో కోసం చచ్చినదాన్ని చేత్తో ఎత్తకండి.

కరిస్తే ఏం చేయాలన్నది బయల్దేరే ముందే అందరూ అనుకోవాలి. వేటకి లీజుకి తీసుకున్న భూముల్లో చాలాచోట్ల ఫోను సిగ్నల్ ఉండదు. ఎక్కడిదాకా వెళ్తే సిగ్నల్ వస్తుందో, గేటు తాళం ఎవరిదగ్గరుందో తెలిసుండాలి. కాటు పడగానే పాముకి దూరంగా జరిగి 911కి చేయండి. పాయిజన్ కంట్రోల్ 1-800-222-1222 రాత్రీ పగలూ పలుకుతుంది. ప్రతి చిన్న ఊరి ఆసుపత్రిలోనూ విరుగుడు సరిపడా ఉండదు, ఎక్కడికి వెళ్లాలో వాళ్లు సాయం చేస్తారు. తాడు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం, ఐసు పెట్టడం, సినిమాల్లో చూసినవన్నీ మానేయండి. పట్టీ కట్టే పద్ధతి కూడా ఈ పాములకి వద్దంటారు. పిట్ వైపర్ కాట్లలో నాలుగోవంతు దాకా విషం దిగనివే ఉంటాయి, అయినా ఆ సంగతి తేల్చాల్సింది డాక్టరే. కాలికి కాటైతే బూటు, మేజోడు వెంటనే తీసేయండి. వాపు పెరిగాక అంత ఎత్తు బూటు రాదు, కత్తిరించాల్సి వస్తుంది. చేతికైతే ఉంగరం, గడియారం. పెన్నుతో వాపు అంచున ఒక గీత, పక్కనే టైము రాయండి, పావుగంటకో అరగంటకో మళ్లీ ఇంకో గీత. ఎమర్జెన్సీలో డాక్టర్‌కి అది బాగా పనికొస్తుంది.