ముందు నీళ్ళు చూడు, తరువాత ఇల్లు చూడు

అమ్మలూ,

ఆశీస్సులు. షోళింగనల్లూరులో ఉద్యోగం వచ్చిందని, వచ్చే నెలలోనే చేరాలని మీ అమ్మ ఫోనులో చెప్పింది. చాలా సంతోషం. నువ్వేమో "పెద్దమ్మా, చెన్నైలో బతకడం ఎలా ఉంటుంది?" అని ఒక్క ముక్క అడిగి ఊరుకున్నావు. అది నువ్వు తీసుకునే అద్దె ఇంటిని బట్టి ఉంటుంది. పేరుకు నగరం ఒకటే గాని, ఏ వీధిలో దిగారన్నదాన్ని బట్టి ఎవరి చెన్నై వాళ్ళది. కాబట్టి మిగతావన్నీ తరువాత, ముందు ఇంటి సంగతి.

నీ స్నేహితురాళ్ళు ఓఎంఆర్ మీద, అంటే ఐటీ కంపెనీలు వరసగా ఉండే పాత మహాబలిపురం రోడ్డు మీద, మీ ఆఫీసు దాటి ఇంకా దూరంగా, ఈత కొలనూ జిమ్మూ ఉన్న ఫ్లాటు చూశారు. నువ్వు పంపిన ఫొటోలన్నీ చూశాను. బాల్కనీ బాగుంది, కాదనను. బాల్కనీ గురించి అంత రాసినదానివి, అక్కడికి నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయో ఒక్క మాటైనా రాయలేదు. చెన్నైలో ఆరితేరినవాళ్ళు ఇల్లు చూడటానికి వెళితే గదులు చూడకముందే కుళాయి తిప్పుతారు. మెట్రో వాటర్, అంటే నగర నీటి బోర్డు, పైపు ఉందా, బోరా, లారీయా? ఓఎంఆర్ వెంట చాలా అపార్ట్‌మెంట్లు లారీ నీళ్ళ మీదే బతుకుతున్నాయి. ఆ ఖర్చు మెయింటెనెన్సు పేరుతో అద్దెకు తోడవుతుంది. బోరు నీళ్ళయితే దోసిట్లో పట్టి ఒక్క గుక్క పుక్కిలించి ఉప్పగా ఉన్నాయేమో చూడు. తరువాత స్నానాల గదిలోకి వెళ్ళి పాత బకెట్టు ఏదైనా ఉంటే దాని అడుగు చూడు, కుళాయి మూతి చూడు. తెల్లగా పెచ్చులు కట్టి ఉంటే ఆ నీళ్ళతో తలంటుకున్న జుట్టు ఏమవుతుందో నేను చెప్పనక్కరలేదు. తాగడానికి ఎలాగూ ఇరవై లీటర్ల క్యాను కొనుక్కోవాల్సిందే, అది మా ఇంట్లోనూ తప్పదు.

ఎందుకింత చెబుతున్నానంటే, 2019 వేసవి ఇక్కడివాళ్ళెవరూ మరిచిపోలేదు. నగరానికి నీళ్ళిచ్చే పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం చెరువులు నాలుగూ దాదాపు అడుగంటాయి. ఎక్కడో దూరాన ఉన్న జోలార్‌పేట నుంచి రైలు వ్యాగన్లలో నీళ్ళు తెప్పించారు. ఓఎంఆర్‌లో కొన్ని కంపెనీలు నీళ్ళు లేక ఉద్యోగులను ఇళ్ళ నుంచే పని చేయమన్నాయి. మా వీధిలో లారీ వచ్చే చోట రంగురంగుల ప్లాస్టిక్ బిందెలు తెల్లవారకముందే వరస కట్టేవి. బిందె కదలకుండా లోపల ఇటుక ముక్క వేసి పెట్టేవాళ్ళు. ఏ బిందె ఎవరిదో అందరికీ తెలుసు, వరస తప్పిస్తే ఊరుకునేవాళ్ళు కాదు. కృష్ణా నీళ్ళలో చెన్నైకి వాటా ఇవ్వడానికి 1983లో ఎన్టీఆర్, ఎంజీఆర్ ప్రభుత్వాలు ఒప్పందం చేసుకున్నాయి. శ్రీశైలం నుంచి సోమశిల, కండలేరు మీదుగా కాలువలో పూండికి నీళ్ళు వచ్చేసరికి 1996 అయింది. "ఆంధ్రావాళ్ళకు ఇల్లివ్వం" అని ఏ ఇంటి యజమానైనా ముఖం తిప్పుకుంటే ఆ కాలువ సంగతి మనసులో అనుకో. పైకి మాత్రం అనకు, ఇల్లు మనకు కావాలి.

నీళ్ళు లేని ఊరే నీళ్ళలో మునుగుతుంది, అదీ ఇక్కడి చిత్రం. మనకు వానంటే జూన్ నుంచి. ఇక్కడ అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో. 2015 డిసెంబరులో చెంబరంబాక్కం గేట్లెత్తాక అడయారు నది పొంగి సైదాపేట, కోట్టూర్‌పురం మునిగాయి. 2023లో వచ్చిన మిచౌంగ్ తుఫాను తీరం దాటింది మన పక్కన బాపట్ల దగ్గర, ముంచింది ఇక్కడి వేళచ్చేరి, పళ్ళికరణైలను. పళ్ళికరణై అసలు పెద్ద చిత్తడి నేల. దాని అంచులు పూడ్చి కట్టిన ఇళ్ళకు నీళ్ళు దారి తెలుసుకొని మరీ వస్తాయి. అందుకని ఎంత నచ్చినా నేల అంతస్తు వద్దు. కింద కారు నిలిపే చోట గోడ మీద నీటి చార ఉందేమో చూడు. కొత్త రంగు వేసి ఉంటే పక్కింటి గోడ చూడు. లిఫ్టు మోటారు, కరెంటు మీటర్లు ఎంత ఎత్తున పెట్టారో చూడు. బ్రోకరు మాట నమ్మకు. వీధి మొదట్లో బండి మీద ఇస్త్రీ చేసే అతణ్ణి అడుగు. అతనికి ఏ ఇంట్లో ఎన్ని మెట్లు మునిగాయో, ఏ ఇంటి యజమాని అడ్వాన్సు తిరిగివ్వకుండా తిప్పుతాడో అన్నీ తెలుసు. రెండు చొక్కాలు ఇస్త్రీకి ఇచ్చి నిలబడితే చాలు.

అడ్వాన్సు అంటే గుర్తొచ్చింది. ఇక్కడ డిపాజిట్‌ను అలాగే అంటారు. 2017 నాటి తమిళనాడు అద్దె చట్టం మూడు నెలల అద్దెకు మించి తీసుకోకూడదంటూనే, ఇద్దరూ వేరేగా ఒప్పుకుంటే సరేనని ఒక సందు వదిలింది. ఆ సందులోంచి ఆరు నెలలూ అడుగుతారు, పది నెలలూ అడుగుతారు. బేరమాడు, సిగ్గుపడకు. ఖాళీ చేసేటప్పుడు రంగులు వేయించాలని ఒక నెల అద్దె పట్టుకునే అలవాటు కూడా ఉంది. ఎంత పట్టుకుంటారో ఒప్పందంలో ముందే రాయించు. చేరిన రోజునే గోడలు, గచ్చు, తలుపులు ఫొటోలు తీసి పెట్టుకో. కరెంటుకు, అంటే ఇక్కడి మాటలో ఈబీకి, విడిగా మీటరు ఉందో లేదో అడుగు. బిల్లు రెండు నెలలకోసారి వస్తుంది, ఒక్కో ఇంటి కనెక్షన్‌కు మొదటి వంద యూనిట్లు ఉచితం. విడి మీటరు లేకపోతే ఆ ఉచితం ఇంటివాళ్ళకు, యూనిట్‌కు ఇంతని చెప్పిన రేటు నీకు.

ఇక దూరం. మా ఇంట్లోనే ఉండిపొమ్మని మీ పెదనాన్న పట్టుబడుతున్నారు, నీ కోసం గది కూడా సర్దేశారు. ఇల్లు దొరికేదాకా ఉండు, కాఫీకీ భోజనానికీ లోటు లేదు. కాని వెస్ట్ మాంబళం నుంచి రోజూ షోళింగనల్లూరు వెళ్ళి రావడం మనిషి చేసే పని కాదు. ఓఎంఆర్ పొడవునా మెట్రో రెండో దశ పనులు జరుగుతున్నాయి. అది పూర్తయ్యేవరకు ఆ రోడ్డు మీద గంటకు ఎంత దూరం వెళ్ళగలమని ఎవరూ మాట ఇవ్వలేరు. ఆఫీసుకు ఒకే బస్సులో చేరే చోట చూసుకో. నన్నడిగితే తిరువాన్మియూర్ మంచిది. పాత పేట, కూరల బజారు ఉంది, సముద్రం దగ్గర, మైలాపూరు వైపు వెళ్ళడానికి రైలు ఉంది. అద్దె ఎక్కువే. ఈత కొలనుకు కట్టే డబ్బు ఆ అద్దెకు కట్టు. ఒంటరిగా ఫ్లాటుకు జంకితే ప్రభుత్వం "తోళి" పేరుతో నడిపే ఉద్యోగినుల హాస్టళ్ళు ఉన్నాయి, తాంబరం వైపు కూడా ఒకటి ఉంది. ముందు అక్కడ చేరి తీరిగ్గా ఇల్లు వెతుక్కున్నా తప్పులేదు.

బస్సులంటే భయపడకు. 2021 మే నుంచి ఆర్డినరీ బస్సుల్లో ఆడవాళ్ళకు ఉచితం, కొన్నిటికి ముందూ వెనకా గులాబీ రంగు వేశారు. డీలక్సు, ఏసీ బస్సులకు మాత్రం డబ్బు పెట్టాలి. ఇక్కడి కండక్టరు చాలాసార్లు వెనక తలుపు దగ్గర తన సీట్లోంచి లేవడు. డబ్బు ఒక చేతి నుంచి మరో చేతికి మారుతూ వెనక్కి వెళుతుంది; టికెట్టు, చిల్లర అదే దారిన తిరిగి వస్తాయి. ఎంత కిక్కిరిసినా మధ్యలో ఒక్క రూపాయి మాయమవడం నేను చూడలేదు. నీ చేతికి ఎవరైనా నోటు అందిస్తే బిత్తరపోకుండా వెనక్కి అందించు. ఆటోల గురించి ఏమీ రాయను, ఫోనులో బుక్ చేసుకో.

తమిళం నేర్చుకో. మాట్లాడటం ఎలాగూ వస్తుంది, చదవడం కూడా నేర్చుకో. అక్షరాలు మనకంటే తక్కువ, బస్సు బోర్డులే నీ పలక. ఇక్కడ తెలుగు ఎవరికీ తెలియదనుకొని మాత్రం పొరబడకు. తరతరాలుగా ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఈ ఊళ్ళో లెక్కలేనన్ని. కూరలమ్మే ఆమె, బ్యాంకు మేనేజరు, పక్క సీట్లో ముసలాయన, ఎవరైనా కావచ్చు. ఎదుటివాళ్ళ గురించి తెలుగులో వ్యాఖ్యానాలు చేసి, దిగేటప్పుడు వాళ్ళ నోట "జాగ్రత్తమ్మా" అనిపించుకున్న వాళ్ళను చూశాను.

కిరాణా కొట్టులో ఊరికే బియ్యం అంటే ఉప్పుడు బియ్యం కట్టివ్వగలరు. ఇడ్లీకి అది బాగుంటుంది గాని, మన పప్పూ ఆవకాయలోకి నాలుగు ముద్దలు దిగవు. పచ్చరిసి, అంటే మన పచ్చి బియ్యం, అని అడుగు. గోంగూర కోసం ఒంగోలు నుంచి కట్టలు మోసుకు రానక్కరలేదు, ఇక్కడా దొరుకుతుంది. ఆవకాయ మాత్రం తప్పకుండా తెచ్చుకో, మాకూ ఒక సీసా.

మొదటి కొన్ని ఆదివారాలు బరువుగా గడుస్తాయి. వెంటనే రైలెక్కి ఒంగోలు పారిపోవాలనిపిస్తుంది. పినాకిని ఎక్కితే చాలు కదా అనిపిస్తుంది. ప్రతి వారం వెళ్ళకు. అలా వెళితే శని, ఆదివారాలు అక్కడ, మిగతా ఐదు రోజులు ఆఫీసులో గడిచి ఇక్కడ నీకొక్క మనిషీ మిగలదు. కోట్టూర్‌పురంలో అన్నా శతజయంతి గ్రంథాలయం ఉంది, చల్లగా రోజంతా కూర్చోవచ్చు. డిసెంబరు వచ్చిందంటే మైలాపూరులో, టీ నగర్‌లో సంగీత సభలన్నీ కచేరీలతో నిండిపోతాయి. పెద్ద విద్వాంసులకు టికెట్లు కొనాలి, పగటిపూట చిన్నవాళ్ళ కచేరీలు చాలా చోట్ల ఉచితం. త్యాగరాజ కీర్తన మొదలవగానే పక్కనున్న తమిళ మామి తాళం వేస్తూ ప్రతి మాటా పలుకుతుంది, అర్థం మాత్రం నిన్నే అడుగుతుంది. చెప్పగలిగేలా కాస్త చదువుకొని వెళ్ళు. కచేరీ నచ్చకపోయినా సభ క్యాంటీను నచ్చుతుంది, నేను హామీ.

సంక్రాంతి టికెట్టు రిజర్వేషను రైలుకు అరవై రోజుల ముందు మొదలవుతుంది, ఆ ఉదయమే కూర్చొని చేసుకో. దొరక్కపోతే మన వైపు బస్సులు మాధవరం స్టాండు నుంచి బయలుదేరతాయి. పొరపాటున కిళాంబాక్కం వెళ్ళకు, అది దక్షిణాది జిల్లాల వైపుది, ఊరికి ఆ చివర ఉంటుంది.

వచ్చేటప్పుడు ఆధార్, ఆఫీసు నియామక పత్రం నాలుగేసి నకళ్ళు, ఫొటోలు తెచ్చుకో, ఇంటివాళ్ళు అడుగుతారు. స్నేహితురాళ్ళ ఫ్లాటుకు అడ్వాన్సు ఇంకా పంపకు. శుక్రవారం రాత్రికి ఇక్కడికి చేరుకుంటే, శనివారం పొద్దున్నే తిరువాన్మియూర్ వెళదాం. ఇద్దరం చెరో చొక్కా పట్టుకెళ్ళి ఇస్త్రీ బండి దగ్గర నిలబడదాం.

మీ అమ్మకు, నాన్నకు మా నమస్కారాలు చెప్పు.

ఇట్లు
పెద్దమ్మ