తిరుపతిలో ఉండి ప్రపంచ వార్తలు, పాటలు, దూరదేశపు స్నేహాలు మూడూ కలిసే వ్యాపకం ఏదైనా ఉందా?

ప్రశ్న క్లుప్తంగా ఇది: "కొన్నాళ్ళు ప్రపంచ వార్తల మీద పడతాను, కొన్నాళ్ళు ఏదో దేశం సంగీతం, ఇంకొన్నాళ్ళు ఆన్‌లైన్‌లో పరిచయమైనవాళ్ళతో కబుర్లు. ఏదీ నెల దాటి నిలవదు. తిరుపతిలో అద్దె ఇల్లు, పెద్ద ఖర్చు పెట్టలేను. ఈ మూడింటికీ కలిపి ఒక వ్యాపకం చెప్పగలరా?"

ఉందండి, షార్ట్‌వేవ్ రేడియో, అంటే దూరదేశాల ప్రసారాలను నేరుగా పట్టే రేడియో. ఫోన్లో వార్త చదివితే అది అక్కడితో సరి. పాట వింటే తర్వాతి పాట దానంతటదే వచ్చేస్తుంది, మన చేతికి పని ఉండదు. షార్ట్‌వేవ్‌లో ముందు స్టేషన్‌ను వెతికి పట్టాలి, విన్నది రాసుకోవాలి, రాసుకున్నది ఆ స్టేషన్‌కు పంపాలి, అక్కడినుంచి జవాబు రావాలి. ఒక్క నోటుపుస్తకంలో మీ మూడు ఇష్టాలూ పడతాయి.

సెట్టు కొనే ముందు రూపాయి ఖర్చు లేకుండా రుచి చూడండి. కివీ ఎస్‌డీఆర్ అని ప్రపంచమంతా జనం ఇళ్ళల్లో పెట్టుకుని ఇంటర్నెట్‌కు కలిపిన రిసీవర్లు వందలాదిగా ఉన్నాయి. ఫోన్ బ్రౌజర్‌లోనే తెరుచుకుంటాయి, 0 నుంచి 30 మెగాహెర్ట్జ్ దాకా ఎక్కడికైనా తిప్పుకోవచ్చు. నెదర్లాండ్స్‌లో ట్వెంటె విశ్వవిద్యాలయం వాళ్ళది ఇంకొకటి ఉంది, 2008లో మొదలైంది. రెండు వారాలు వీటిమీద తిప్పిచూసి, ఆ గరగరలో మాట వెతకడం మీకు నచ్చితేనే సెట్టు కొనండి. ప్రసారాలు వినడానికి లైసెన్సు అక్కర్లేదు. మీరే మాట్లాడాలంటే మాత్రం పరీక్ష రాసి అమెచ్యూర్ లైసెన్సు తీసుకోవాలి, అది వేరే దారి.

సెట్టు విషయంలో ఒకటే గట్టిగా చెబుతాను. ముల్లు తిరిగే చవక సెట్టు వద్దు. అందులో 9,600 కిలోహెర్ట్జ్ ఎక్కడో 9,650 ఎక్కడో తెలియదు, స్టేషన్ పేరు తేల్చలేరు, నెలలో అటకెక్కుతుంది. పైగా అలాంటివాటిలో బలమైన స్టేషన్ తన అసలు చోటుకు 910 కిలోహెర్ట్జ్ కింద ఇంకోసారి దొంగగా వినబడుతుంది. వచ్చిన సంకేతాన్ని సెట్టు తన లోపల మార్చుకునే మధ్యంతర ఫ్రీక్వెన్సీ 455 కిలోహెర్ట్జ్, దానికి రెట్టింపే ఆ తేడా. కొత్తవాళ్ళు దాన్ని కొత్త స్టేషన్ అనుకుని రాసేసుకుంటారు. అంకెలు కనబడేది, 1 కిలోహెర్ట్జ్ మేర కదిలేది, ఎస్‌ఎస్‌బీ (అమెచ్యూర్ల మాటలను విప్పి వినిపించే సదుపాయం) ఉన్నది చూడండి. టెక్సన్ పీఎల్-330, ఎక్స్‌హెచ్‌డేటా డీ-808 ఈ తరగతివి. మొదటిదానికి బీఎల్-5సీ బ్యాటరీ, రెండోదానికి 18650. రెండూ బయట దొరికేవే కాబట్టి బ్యాటరీ పోయినా సెట్టు మూలపడదు.

ఇక అసలు తిప్పలు ఊరి రొద. ఇన్వర్టరు, ఎల్‌ఈడీ బల్బు, ఫోన్ ఛార్జరు, ఎలక్ట్రానిక్ ఫ్యాను రెగ్యులేటరు, ఇండక్షన్ స్టవ్వు, అన్నీ షార్ట్‌వేవ్ మీద జోరీగల్లా అరుస్తాయి. సెట్టును బ్యాటరీ మీద పెట్టి 9,400 నుంచి 9,900 మధ్య ఖాళీ చోట ఆపండి. ఇంట్లో మెయిన్ ఒక్క నిమిషం దించి చూడండి. రొద తగ్గితే దొంగ మీ ఇంట్లోనే ఉన్నట్టు. ఒక్కో స్విచ్చీ వేస్తూ పోతే ఎవరో తెలిసిపోతుంది. మెయిన్ దించినా తగ్గకపోతే పక్కింటిదో వీధి లైన్‌దో, అప్పుడు మిద్దెక్కడమే మందు. లాడ్జీల మధ్య వీధుల్లో అయితే మిద్దె మీద కూడా రొద వదలదు. అలాంటివాళ్ళు వారానికి ఒక సాయంత్రం చంద్రగిరి వైపు పొలాల దగ్గరికి సెట్టు పట్టుకెళ్ళడం మేలు. ఇంకో చిన్న పరీక్ష: కడప ఆకాశవాణి మీడియం వేవ్ 900 మీద, చెన్నై 720 మీద ఉన్నాయి. పగలు అవి కూడా గరగరలో మునిగిపోతుంటే తప్పు సెట్టుది కాదు, ఇంటిది.

యాంటెన్నాకు ఇంటి వైరింగుకు వాడే సన్నటి ప్లాస్టిక్ తొడుగు వైరు 8 నుంచి 10 మీటర్లు చాలు. మిద్దె మీద ఒక చివర నైలాన్ తాడుతో పీవీసీ పైపుకు కట్టి, రెండో చివర తొడుగు ఒలిచి సెట్టు కడ్డీకి మొసలి క్లిప్పుతో తగిలించండి. ఎక్కువ వైరు వేస్తే ఎక్కువ వినబడుతుందని 30 మీటర్లు లాగేవాళ్ళున్నారు. చిన్న సెట్టు ఆ జోరు తట్టుకోలేక బ్యాండంతా స్టేషన్లు ఒకదానిమీద ఒకటి పడిపోతాయి. అలా జరిగితే వైరు కుదించండి, లేదా సెట్టులో సంకేతం జోరు తగ్గించే లోకల్ మీట ఉంటే అటు తొయ్యండి. కరెంటు తీగలకు కనీసం 3 మీటర్ల దూరం పాటించండి, తీగల మీదుగా వైరు విసరడం ప్రాణాలతో చెలగాటం. ఏప్రిల్, మే ఉరుముల వానలప్పుడూ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలప్పుడూ మబ్బు పట్టగానే క్లిప్పు తీసి వైరు గది బయటే వదిలేయండి.

ఉత్తరాన శేషాచలం కొండ అడ్డం కదా అని చాలామంది అడుగుతారు. ఎఫ్‌ఎంకు ఆ అడ్డం నిజమే, అది చూపు మేరే పోయే తరంగం. షార్ట్‌వేవ్ పైన అయనావరణానికి, అంటే చాలా ఎత్తున విద్యుదావేశం ఉన్న గాలి పొరకు తగిలి దిగివస్తుంది, కొండ దాన్ని పెద్దగా ఆపలేదు. మన ప్రాంతంలో వేరే చిక్కుంది. అయస్కాంత మధ్యరేఖకు దగ్గరగా ఉన్నాం కాబట్టి పొద్దుగూకాక అయనావరణంలో బుడగలు లేస్తాయి, ముఖ్యంగా మార్చి, ఏప్రిల్‌లలోనూ సెప్టెంబరు, అక్టోబరులలోనూ. అప్పుడు స్టేషన్ గొంతు నీళ్ళలో మాట్లాడినట్టు వణుకుతుంది. చిత్తూరు దారిలో గాదంకి దగ్గర 53 మెగాహెర్ట్జ్ రాడారుతో శాస్త్రవేత్తలు పరిశీలించేవాటిలో ఈ అలజడి కూడా ఉంది. మీ సెట్టు చెడలేదు, గంట ఆగితే చాలాసార్లు సర్దుకుంటుంది. పగటిపూట ఉన్నట్టుండి అన్ని స్టేషన్లూ మాయమై అరగంటలో తిరిగొస్తే అది సూర్యుడి మంట ప్రభావం. దాన్ని కూడా టైముతో సహా రాసుకోండి, పనికొచ్చే నమోదు.

ఎప్పుడు ఎక్కడ తిప్పాలంటే, మధ్యాహ్నం 16, 19 మీటర్ల బ్యాండ్లు (స్టేషన్లు గుంపుగా ఉండే తరంగ శ్రేణులు), సాయంత్రం 6 నుంచి 10 దాకా 25, 31 మీటర్లు, బాగా పొద్దుపోయాక 41, 49. మీటర్లను కిలోహెర్ట్జ్ చేయాలంటే 3,00,000ను మీటర్లతో భాగించండి, దగ్గరి అంకె వస్తుంది. ముందుగా 10,000 మీద చైనా టైము సంకేతం సెకనుకొక టిక్కుగా వస్తోందేమో చూడండి. వస్తుంటే తూర్పు దారి తెరుచుకుంది, ఇక వెతుక్కోవచ్చు. స్టేషన్ల వేళలు ఏడాదికి రెండుసార్లు, మార్చి ఆఖరి ఆదివారం, అక్టోబరు ఆఖరి ఆదివారం మారతాయి. పాత పట్టిక పట్టుకుని "ఈ స్టేషన్ మూసేశారు" అనుకోవడం మామూలు పొరపాటు. పట్టికలన్నీ యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రమాణ సమయంలో ఉంటాయి, మనది 5 గంటల 30 నిమిషాలు ముందు. తేదీ దగ్గరే అందరూ తప్పుతారు: సోమవారం తెల్లవారుజామున 3 గంటలకు మీరు విన్నది యూటీసీలో ఆదివారం 21:30.

వార్తల కోసం ఒకే రాత్రి ఒకే సంగతిని రెండు దేశాల రేడియోల్లో వినండి. నోటుపుస్తకంలో మూడు గళ్ళు గీయండి: మొదటి వార్త ఏమిటి, ఎవరి మాట వినిపించారు, ఏది వదిలేశారు. మూడో గడిలోనే ప్రపంచ రాజకీయం ఎక్కువ తెలుస్తుందని నా నమ్మకం. ఈ పాత మాధ్యమం ఇంకా ఎందుకంటే, ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక 2022 మార్చిలో బీబీసీ ఆ ప్రాంతానికి రోజుకు నాలుగు గంటలు షార్ట్‌వేవ్‌లో వార్తలు వేసింది. ఇంటర్నెట్‌ను కోసేసినా ఆకాశంలోంచి మాట దిగుతుంది. కానీ స్టేషన్లు తగ్గుతున్నది కూడా నిజమే. రేడియో ఆస్ట్రేలియా 2017 జనవరిలో షార్ట్‌వేవ్ ఆపేసింది, బీబీసీ హిందీ 2020లో. జపాన్, కొరియా, రొమేనియాల రేడియోల ఇంగ్లీషు కార్యక్రమాలతో మొదలుపెట్టండి, తేలికగా ఉంటాయి.

సంగీతం దగ్గర ఆశ కొంచెం తగ్గించుకోండి. షార్ట్‌వేవ్‌లో స్టేషన్ల మధ్య దూరం 5 కిలోహెర్ట్జ్, కాబట్టి పాట పలచగా వస్తుంది. పక్కన స్టేషన్ లేకపోతే ఫిల్టరు (ఎంత వెడల్పు సంకేతాన్ని లోపలికి వదలాలో చూసేది) 6 కిలోహెర్ట్జ్ దాకా తెరవండి, పక్కవాడి కీచు వినబడితే 3కి మూయండి. పాట పేరు చెప్పే ఫోన్ యాప్‌లు ఈ ఎగుడుదిగుడు శబ్దంలో తరచూ తడబడతాయి. నిమిషం రాసుకుని ఆ స్టేషన్ వెబ్‌సైటులో అదే కార్యక్రమం వెతికి మళ్ళీ వినడం సరైన పద్ధతి. స్టేషన్ తెరిచే ముందు వేసే చిన్న బాణీలు పోగు చేయండి, వాటి వెనక చరిత్ర ఉంటుంది. తెల్లవారుజామున మన ఆకాశవాణి తెరిచేటప్పుడు వచ్చే బాణీ కట్టింది వాల్టర్ కౌఫ్‌మన్, నాజీల బారినుంచి తప్పించుకుని 1934లో బొంబాయి చేరిన యూదు సంగీతకారుడు. ప్రపంచ వార్త, పాట వేర్వేరు కావనడానికి ఇంతకంటే ఏం కావాలి!

స్నేహాలకు దారి శ్రవణ నివేదిక, అంటే విన్నది ఎలా వినబడిందో స్టేషన్‌కు రాసి పంపేది. అందులో యూటీసీ తేదీ, మొదలు, ముగింపు సమయం, ఫ్రీక్వెన్సీ, కనీసం 20 నిమిషాల కార్యక్రమ వివరాలు, సెట్టు, యాంటెన్నా, ఊరు ఉండాలి. తిరుపతి 13.6 ఉత్తర అక్షాంశం, 79.4 తూర్పు రేఖాంశం అని రాస్తే చాలు. నాణ్యతను సిన్‌పో అంకెల్లో చెబుతారు: సంకేత బలం, పక్క స్టేషన్ల అడ్డు, రొద, తరంగ దారి ఒడిదుడుకులు, మొత్తం మీద, ఒక్కోదానికి 1 నుంచి 5 (5 అంటే చాలా బాగుందని). అన్నిటికీ 55555 వేయకండి. మీ వీధిలో రొద 2 అయితే 2 అనే రాయండి, ఇంజనీర్లకు అక్కరకొచ్చేది ఆ నిజమే. "బాగా వినబడింది, కార్డు పంపండి" అన్న ఒక్క ముక్కకు జవాబు రాదు. కివీలో విన్నదైతే అది ఏ దేశపు రిసీవరో తప్పక చెప్పండి, ఇంట్లో విన్నట్టు రాయడం మోసం. సరిపోలితే క్యూఎస్‌ఎల్ కార్డు, అంటే మీరు విన్నది నిజమేనని స్టేషన్ ఇచ్చే ధ్రువీకరణ కార్డు వస్తుంది. రావడానికి నెలలు పట్టొచ్చు.

ఆన్‌లైన్‌లో షార్ట్‌వేవ్ శ్రోతల బృందాల్లో "హాయ్, ఎలా ఉన్నారు" అంటే రెండు రోజుల్లో మాటలు అయిపోతాయి. "ఇప్పుడు 31 మీటర్లలో మీ దగ్గర రొమేనియా వస్తోందా, ఇక్కడ వణుకుతోంది" అనండి, అవతలివాళ్ళు వెంటనే సెట్టు తిప్పి చూస్తారు. శనివారం యూటీసీ 14:00, మన రాత్రి 7:30కి, ఇద్దరూ ఒకే ఫ్రీక్వెన్సీ విని సిన్‌పో పోల్చుకోండి. మీ ఊరి సంగీతం ఏమిటని అడుగుతారు. అన్నమయ్య గురించి చెప్పండి: 1408లో తాళ్ళపాకలో పుట్టారనీ, 32,000 కీర్తనలు రాశారని ప్రతీతి అనీ, తిరుమల గుడిలో రాగి రేకుల మీద దాచినవి 1922లో వెలుగులోకి వచ్చాయనీ. ఒక్క కీర్తన అర్థంతో సహా పంపితే వాళ్ళూ తమ పాట పంపుతారు.

కార్డు ఫొటో పెట్టేటప్పుడు ఇంటి చిరునామా కప్పేయండి. నాలుగు వారాల పరిచయంలోనే "మీకు బహుమతి పంపాను, కస్టమ్స్ వాళ్ళకు డబ్బు కట్టండి" అన్నారంటే అది మోసమే. మాట ఆపి, డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

మీకు ఎక్కువ ఖర్చు సెట్టుది ఒక్కటే. వైరు, క్లిప్పు, నోటుపుస్తకం ఊళ్ళోనే ఏ ఎలక్ట్రికల్ షాపులోనో, పుస్తకాల కొట్టులోనో దొరుకుతాయి. మొదటి నెల 31 మీటర్ల బ్యాండు తప్ప ఇంకెక్కడా తిప్పకండి. రోజూ రాత్రి 7:30 నుంచి 8:15 దాకా 9,400 నుంచి 9,900 వరకు 5 చొప్పున కదుపుతూ, వినబడిన ప్రతిదీ, పేరు తెలియకపోయినా, భాషతో సహా రాయండి. ఏ గీత దగ్గర పేరు తేలక ఆగిపోయారో ఆ ఫ్రీక్వెన్సీ, సమయం కింద వ్యాఖ్యలో పెట్టండి, పట్టిక చూసి చెబుతాను.